అమెరికా బేస్‌బాల్‌లో హైస్కూల్ పిచ్చర్‌ని (బంతి విసిరేవాణ్ణి) డ్రాఫ్ట్‌లో తీసుకుంటే సంతకం పెట్టాలా, కాలేజీకి వెళ్లాలా?

ఫ్రిస్కో శ్రీను:

నా మాట ముందే చెప్పేస్తాను. కుర్రాడు పిచ్చర్ అయితే కాలేజీకే వెళ్లాలి. బ్యాటర్ అయితే లెక్క వేరు, దాని జోలికి ఇప్పుడు పోను.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. మేజర్ లీగ్ (మేజర్స్) అంటే ఇక్కడి బేస్‌బాల్ పెద్ద లీగ్, దాని టీములు వంతులవారీగా కొత్త కుర్రాళ్లని ఎంచుకునేదే డ్రాఫ్ట్, ఒక్కో ఎంపికని పిక్ అంటారు. అది ఏటా జూలైలో, 20 రౌండ్లు. హైస్కూల్ అయిపోయిన కుర్రాడిని ఏ టీమైనా ఎంచుకుంటే బోనస్ తీసుకుని సంతకం పెట్టి కింది స్థాయి మైనర్ లీగ్‌కి పోవచ్చు, లేదా వద్దని కాలేజీలో చేరొచ్చు. నాలుగేళ్ల కాలేజీలో చేరితే మాత్రం మళ్లీ డ్రాఫ్ట్‌కి వచ్చేది మూడో ఏడాది అయ్యాక, లేదంటే 21 ఏళ్లు వచ్చాక.

మనకి దగ్గరి ఉదాహరణ కుమార్ రాకర్. వాళ్లమ్మ లలిత గారి తల్లిదండ్రులు ఆంధ్ర నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్లు. నాన్న ట్రేసీ రాకర్ ఆబర్న్ యూనివర్సిటీలో పేరు మోసిన అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు, తర్వాత కోచ్ అయ్యాడు. 2018లో జార్జియాలోని నార్త్ ఓకోనీ హైస్కూల్ నుంచి బయటికి వచ్చేసరికే కుమార్‌ది మొదటి రౌండ్ స్థాయి అనేవారు. కానీ వ్యాండర్‌బిల్ట్ యూనివర్సిటీకే వెళ్తానని గట్టిగా ఉన్నాడు, టీములు వెనక్కి తగ్గాయి, ఆఖరికి కొలరాడో రాకీస్ 38వ రౌండ్‌లో తీసుకుంటే (అప్పుడు 40 రౌండ్లు ఉండేవి) సంతకం పెట్టలేదు. మరుసటి జూన్‌లో డ్యూక్ యూనివర్సిటీ మీద 19 స్ట్రైకౌట్లతో (బ్యాటర్‌ని మూడు స్ట్రైక్‌లతో అవుట్ చేయడం) నో-హిట్టర్ వేశాడు, అంటే ఎదుటి టీమ్‌కి ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు, అదీ కాలేజీ మొదటి ఏడాదిలోనే! ఆ ఏడాదే వ్యాండర్‌బిల్ట్ కాలేజ్ వరల్డ్ సిరీస్ గెలిచింది, టోర్నీ ఉత్తమ ఆటగాడు ఇతనే. 2021లో న్యూయార్క్ మెట్స్ పదో పిక్‌గా తీసుకుంది, 60 లక్షల డాలర్లకి మాట కుదిరిందని వార్తలు వచ్చాయి, మెడికల్ రిపోర్టులు చూశాక అసలు ఆఫరే ఇవ్వలేదు. భుజానికి సర్జరీ అయింది. 2022లో ట్రై-సిటీ అనే ఇండిపెండెంట్ టీమ్‌కి కొన్ని మ్యాచులు ఆడాడు, మన టెక్సస్ రేంజర్స్ ఏకంగా మూడో పిక్‌గా తీసుకుని 52 లక్షలు ఇచ్చింది. 2023లో మోచేతికి టామీ జాన్ సర్జరీ. కోలుకున్నాక మా ఫ్రిస్కోలో రేంజర్స్ వాళ్ల మైనర్ లీగ్ టీమ్ రఫ్‌రైడర్స్‌కి ఆడాడు. 2024 సెప్టెంబర్ 12న సియాటిల్‌లో తొలి మేజర్ లీగ్ మ్యాచ్, నాలుగు ఇన్నింగ్స్‌లో (బేస్‌బాల్ మ్యాచ్‌కి తొమ్మిది ఉంటాయి) ఏడు స్ట్రైకౌట్లు.

భుజం కోయించుకున్న కుర్రాడికి 52 లక్షలు ఎందుకిచ్చారు? కాలేజీలో దేశమంతా చూసిన ఆట ఉంది కాబట్టి. అదే 18 ఏళ్లకి సంతకం పెట్టి, ఎవరూ చూడని, మైనర్స్‌లో అట్టడుగున ఉండే రూకీ లీగ్‌లో ఆ భుజం పోయి ఉంటే రెండోసారి పిలిచేవాడు ఉండేవాడా?

ఎడమచేతి వాటం:

శ్రీను అన్నా, నాకు అదే ఉదాహరణలో వేరే సంగతి కనిపిస్తోంది. ఆ భుజం ఎక్కడ పాడైంది? కాలేజీలోనే కదా. 2021 ఒక్క సీజన్‌లో 122 ఇన్నింగ్స్ వేశాడు. కాలేజీ కోచ్‌కి ఈ ఏడాది కప్పు కావాలి, ఆ కుర్రాడు ఎలాగూ మూడేళ్లలో వెళ్లిపోతాడు. ప్రొఫెషనల్ టీమ్‌ అలా కాదు, లక్షలు పోసి కొన్న చెయ్యి అది, అయిదేళ్ల తర్వాత కూడా పని చేయాలి కాబట్టి మొదటి రెండేళ్లు లెక్కపెట్టుకుని వేయిస్తారు. ఎవరి డబ్బు ఇరుక్కుని ఉంటే వాళ్లకే జాగ్రత్త ఎక్కువ.

మన ఊరి కుర్రాడినే చూడు. క్లేటన్ కెర్షా డల్లాస్ హైలాండ్ పార్క్ హైస్కూల్. టెక్సస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీకి వెళ్తానని మాట ఇచ్చి ఉన్నాడు, 2006లో డాడ్జర్స్ ఏడో పిక్‌గా తీసుకుని 23 లక్షలు ఇస్తే సంతకం పెట్టేశాడు. 20 ఏళ్లకే మేజర్స్‌లో ఉన్నాడు. మూడు సై యంగ్‌లు (ఏటి ఉత్తమ పిచ్చర్ అవార్డు), ఒక ఎమ్‌వీపీ (ఏటి ఉత్తమ ఆటగాడి అవార్డు), 3000 స్ట్రైకౌట్లు, 223 విజయాలు, 2025లో రిటైర్ అయ్యేదాకా ఒకే టీమ్. కాలేజీకి వెళ్లి ఉంటే 20 ఏళ్లప్పుడు ఇంకా డ్రాఫ్ట్ కోసం ఎదురు చూస్తూ ఉండేవాడు. ఇంకా వెనక్కి వెళ్తే నోలన్ రయన్, ఆల్విన్ హైస్కూల్, 1965లో 12వ రౌండ్, 46 ఏళ్ల దాకా ఆడాడు. ఏ కాలేజీ నేర్పింది ఆయనకి?

మనవాళ్లకి డిగ్రీ లేదంటే భయం, నాకు అసలు సమస్య అదే అనిపిస్తుంది. చదువు 25 ఏళ్లకైనా చదువుకోవచ్చు, 18 ఏళ్ల భుజం మళ్లీ రాదు.

ఆర్లింగ్టన్ పాతకాపు:

కెర్షా, రయన్ పేర్లు చెప్తే వాదన గెలిచినట్టు కాదు తమ్ముడూ. అలాంటి చేతులు తరానికి ఒకటో రెండో ఉంటాయి. మన రేంజర్స్ చరిత్రలోనే ఉన్న డేవిడ్ క్లైడ్ సంగతి ఈ చర్చలో రాకపోతే నాకు నిద్ర పట్టదు.

1973. హ్యూస్టన్ వెస్ట్‌చెస్టర్ హైస్కూల్ ఎడమచేతి పిచ్చర్, ఆఖరి ఏడాది 18 ఆటలు గెలిచాడు, ఒక్కటీ ఓడలేదు. డ్రాఫ్ట్‌లో దేశం మొత్తానికి మొదటి పిక్. అప్పుడు రేంజర్స్ ఓనర్ బాబ్ షార్ట్‌కి స్టేడియం నిండటం లేదు, అప్పులు. ఒక్క మైనర్ లీగ్ మ్యాచ్ కూడా ఆడించకుండా జూన్ 27న, హైస్కూల్ ముగిసిన మూడు వారాలకి, ఆ పిల్లాడిని నేరుగా మేజర్ లీగ్ మౌండ్ ఎక్కించారు. 35 వేల మందికి పైగా వచ్చారు, జనం ఇంకా బయట ట్రాఫిక్‌లో ఉన్నారని మ్యాచ్ ఆలస్యంగా మొదలుపెట్టారు. ఆ రోజు గెలిచాడు కూడా. మేనేజర్ వైటీ హెర్జోగ్ ఒకటి రెండు మ్యాచులయ్యాక మైనర్స్‌కి పంపుదామన్నాడు, టికెట్లు అమ్ముడుపోతుంటే ఓనర్ వింటాడా? ఆ సెప్టెంబర్‌లో హెర్జోగ్ ఉద్యోగమే పోయింది. పిల్లాడి భుజం తర్వాత పోయింది. 1979తో మేజర్స్‌లో కథ ముగిసింది, 18 గెలుపులు, 33 ఓటములు, పెన్షన్‌కి కావాల్సిన సర్వీసులో 37 రోజులు తక్కువ పడ్డాయి. ఈ 37 రోజుల సంగతి గుర్తొచ్చినప్పుడల్లా నాకు కడుపు రగిలిపోతుంది. ఒక టీమ్‌ని ఆ ఏడాది గట్టెక్కించిన పిల్లాడికి ఆ మాత్రం చేయలేకపోయారు.

డ్రాఫ్ట్ మొదలైంది 1965లో. ఇప్పటిదాకా హైస్కూల్ పిచ్చర్‌ని మొట్టమొదటి పిక్‌గా తీసుకున్నది మూడేసార్లు. క్లైడ్, 1991లో యాంకీస్ తీసుకున్న బ్రియన్ టేలర్, 2014లో ఆస్ట్రోస్ తీసుకున్న బ్రేడీ ఐకెన్. టేలర్ ఒక గొడవలో భుజం పోగొట్టుకున్నాడు, మేజర్స్‌కి రాలేదు. ఐకెన్ మోచేతి లిగమెంట్ చూసి టీమ్ ఆఫర్ తగ్గించింది, అతను సంతకం పెట్టలేదు, మరుసటి ఏడాది సర్జరీ, క్లీవ్‌ల్యాండ్ 17వ పిక్‌గా తీసుకున్నా మేజర్స్ మెట్టు ఎక్కలేదు. టీములు కొన్న చేతిని జాగ్రత్తగా చూసుకుంటాయని అంటున్నావు. అవసరం పడేదాకా చూసుకుంటాయి.

కొప్పెల్ అమ్మ:

మా అబ్బాయి హైస్కూల్ వర్సిటీలో, అంటే స్కూల్ ప్రధాన జట్టులో, పిచ్చర్. మీరంతా 18 ఏళ్ల దగ్గర మొదలుపెట్టి మాట్లాడుతున్నారు. చేతులు పాడయ్యేది అంతకు ముందే అండీ.

2007 నుంచి 2011 వరకు అమెరికాలో జరిగిన టామీ జాన్ సర్జరీలు లెక్క తీస్తే సగానికి పైగా, 57 శాతం, 15 నుంచి 19 ఏళ్ల పిల్లలవే అని తేలింది. మోచేతి లిగమెంట్ తెగితే ఒంట్లో ఇంకో చోటి నుంచి తీసిన టెండన్‌తో దాన్ని మళ్లీ కట్టే ఆపరేషన్ అది, 1974లో టామీ జాన్ అనే పెద్ద ఆటగాడికి మొదటిసారి చేశారు. ఇప్పుడు మా పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో అది జ్ఞానదంతం తీయించుకున్నట్టు మాట్లాడుకుంటారు. ఏడాదికి పైగా ఆట ఉండదు, ఆ ఏడాదిలో పిల్లాడి మనసు ఎలా ఉంటుందో ఎవరూ రాయరు.

స్కూల్ సీజన్‌లో పరవాలేదు. టెక్సస్ స్కూల్ పోటీలు నడిపే యూఐఎల్ 2017 నుంచి లెక్క పెట్టింది, వర్సిటీ పిచ్చర్‌కి రోజుకి 110 పిచ్‌లు దాటకూడదు, 85 దాటితే నాలుగు రోజులు విశ్రాంతి. అంపైర్లు, ఎదుటి టీమ్ అందరూ చూస్తుంటారు. ఆ లెక్క స్కూల్ మ్యాచులకే. వేసవి వచ్చి ట్రావెల్ బాల్ (స్కూల్‌తో సంబంధం లేని క్లబ్ టీముల ఆట) మొదలైతే శనివారం ఒక టీమ్, ఆదివారం ఇంకో టీమ్, మధ్యలో ఆట చూపించుకునే షోకేస్, అక్కడ వేగం కొలిచే రాడార్ గన్‌లు పట్టుకుని, ఆటగాళ్లని వెతికే స్కౌట్లు. మేజర్ లీగ్ వాళ్లు, యూఎస్‌ఏ బేస్‌బాల్ కలిసి 2014లో పెట్టిన పిచ్ స్మార్ట్ సూచనలు ఉన్నాయి కానీ చాలాచోట్ల అవి సూచనలే. ఒక టోర్నమెంట్‌లో మా వాడు చెయ్యి నొప్పి అంటే ఆ టీమ్ కోచ్ “ఇంకో ఇన్నింగ్స్ వేసెయ్, స్కౌట్ వచ్చాడు” అన్నాడు. నేను డగౌట్ దగ్గరికి వెళ్లి పిలుచుకొచ్చేశాను. ఆ తర్వాత ఆ టీమ్ మావాణ్ణి పిలవలేదు, పిలవకపోతే మానె.

2024 డిసెంబర్‌లో మేజర్ లీగ్ వాళ్లే పిచ్చర్ల గాయాల మీద రిపోర్ట్ పెట్టారు. షోకేస్‌లు నడిపే పెర్ఫెక్ట్ గేమ్ అనే సంస్థ వాళ్ల నేషనల్ షోకేస్‌లో గంటకి 95 మైళ్లు, ఆ పైన విసిరిన హైస్కూల్ పిల్లలు 2018లో అయిదుగురు, 2024లో 36 మంది. ఆరేళ్లలో పిల్లల ఎముకలు మారిపోయాయా? బర్మింగ్‌హామ్‌లో డాక్టర్ జేమ్స్ ఆండ్రూస్ వాళ్లు 2006లోనే చెప్పారు, ఏడాదిలో ఎనిమిది నెలలకి మించి పిచ్ చేసే పిల్లలకి సర్జరీ ముప్పు అయిదు రెట్లు, అలిసిపోయినా తరచూ వేసేవాళ్లకి 36 రెట్లు అని.

కాలేజీయా, డ్రాఫ్టా అన్నది అదృష్టవంతుల ప్రశ్న. అక్కడికి చెయ్యి బాగుండి చేరాలి ముందు.

బెజవాడ బౌలర్:

అక్క చెప్పినదానికి చిన్న మాట. గ్రాండ్ ప్రెయిరీలో ఇప్పుడు మనం క్రికెట్ చూస్తున్న స్టేడియం ఒకప్పుడు ఎయిర్‌హాగ్స్ బేస్‌బాల్ మైదానమే. ఇంగ్లండ్‌లో జూనియర్ ఫాస్ట్ బౌలర్లకి స్పెల్‌కి ఇన్ని ఓవర్లు, రోజుకి ఇన్ని అని బోర్డే గీత గీసింది, క్లబ్ అయినా స్కూల్ అయినా అదే లెక్క. ఇక్కడ ఒకే పిల్లాడికి స్కూల్‌లో ఒక చట్టం, వారాంతంలో ఏ చట్టమూ లేదు. పిచ్ కౌంట్ పిల్లాడి పేరు మీద ఉండాలి, టీమ్ పేరు మీద కాదు.

ఎడమచేతి వాటం:

కొప్పెల్ అక్కా, మీ మాటకి ఎదురు లేదు. కానీ దాన్నిబట్టి చూసినా నేను సంతకమే అంటాను. 18 ఏళ్లకే లిగమెంట్ సగం అరిగిపోయి ఉండే రోజుల్లో, కాలేజీలో ఇంకో మూడేళ్లు ఉచితంగా ఎందుకు వేయాలి?

నేథన్ ఇయోవాల్డిని చూడండి. అతనిదీ ఆల్విన్ హైస్కూలే. స్కూల్లో ఉండగానే 2007లో టామీ జాన్ అయింది. 2008లో డాడ్జర్స్ 11వ రౌండ్‌లో తీసుకుని రెండున్నర లక్షలు ఇస్తే, ఏ అండ్ ఎమ్ వదిలేసి సంతకం పెట్టాడు. మూడేళ్లకి మేజర్స్‌లో ఉన్నాడు. 2016లో మళ్లీ అదే సర్జరీ. 2023లో మన రేంజర్స్ మొట్టమొదటి వరల్డ్ సిరీస్ గెలిచినప్పుడు ప్లేఆఫ్స్‌లో అయిదు గెలుపులు, ఒక్క ఓటమి లేదు. రెండు సర్జరీలూ తట్టుకున్నాడు, మధ్యలో ఇంటికి డబ్బు వచ్చింది.

ఎడిసన్ రవి:

న్యూజెర్సీ నుంచి ఒక మాట. జాక్ లైటర్ ఇక్కడ డెల్బార్టన్ స్కూల్ కుర్రాడు, నాన్న ఆల్ లైటర్ మేజర్స్‌లో ఎన్నో ఏళ్లు పిచ్చర్. ఆ ఇంట్లో వాళ్లకి తెలియని లోగుట్టు ఉండదు. 2019లో యాంకీస్ 20వ రౌండ్‌లో తీసుకున్నా వ్యాండర్‌బిల్ట్‌కే పంపారు. 2021లో రేంజర్స్ రెండో పిక్, 79 లక్షలు. ఆటని లోపల నుంచి చూసిన తండ్రి కాలేజీ అన్నాడు. నాకు అది చాలు.

ఫ్రిస్కో శ్రీను:

కాలేజీలో ఉచితంగా వేయడం అన్నది పాత మాట తమ్ముడూ. 2025 జూలై నుంచి కాలేజీలే ఆటగాళ్లకి నేరుగా డబ్బు ఇవ్వొచ్చు. అంతకు ముందు బేస్‌బాల్ టీమ్ మొత్తానికి 11.7 స్కాలర్‌షిప్‌లే ఉండేవి, ముక్కలు చేసి పంచేవారు. ఇప్పుడు కొత్త పద్ధతిలోకి వచ్చిన కాలేజీలు 34 మంది రోస్టర్‌లో అందరికీ ఇవ్వగలవు. అటు మైనర్ లీగ్ జీతం 2023 ఒప్పందంతో పెరిగి కూడా మేజర్స్‌కి రెండు మెట్లు కిందున్న డబుల్-ఎలో ఏడాదికి 30 వేల డాలర్ల పైచిలుకు, ఒక మెట్టు కిందున్న ట్రిపుల్-ఎలో 35 వేల పైన. ఇయోవాల్డికి వచ్చిన రెండున్నర లక్షలు టాక్స్, ఏజెంట్ పోగా ఎంత మిగులుతుంది? అతను రెండు సర్జరీల తర్వాత నిలబడ్డాడు, సంతోషం, 11వ రౌండ్‌లో సంతకం పెట్టి మధ్యలో ఆగిపోయినవాళ్ల పేర్లు మనలో ఒక్కరికైనా గుర్తున్నాయా?

కెర్షా స్థాయి డబ్బు వస్తే, అంటే మొదటి రౌండ్‌లో ఇల్లు, చదువు, ముందు జీవితం అన్నీ గడిచేంత వస్తే పెట్టొచ్చు సంతకం, అక్కడ నేను పట్టు పట్టను. రెండో రౌండ్ దాటితే పిచ్చర్‌కి కాలేజీయే. ఇందులో నా మాట మారదు.

ఈ జూలైకి ఇంట్లో ఎవరైనా సిద్ధంగా ఉంటే రెండు పనులు చేయించండి. ఒకటి, డ్రాఫ్ట్‌కి ముందే మేజర్ లీగ్ వాళ్లు చేయించే మెడికల్ పరీక్షకి పేరు ఉంటే ఒప్పుకోండి. కుమార్ రాకర్ గొడవ తర్వాత 2022లో వచ్చిన నియమం ఇది, ముందే పరీక్షకి ఒప్పుకున్న కుర్రాడిని తీసుకున్న టీమ్ ఆ పిక్‌కి కేటాయించిన మొత్తంలో కనీసం 75 శాతం ఆఫర్ చేయాలి, తర్వాత రిపోర్ట్ చూపించి తప్పించుకోలేదు. 2021లో కుమార్ డ్రాఫ్ట్‌కి ముందు ఎమ్‌ఆర్‌ఐ స్కాన్ ఇవ్వలేదు, అందుకే మెట్స్ ఖాళీ చేతులతో పంపగలిగింది. రెండోది, సంతకమే పెడితే కాంట్రాక్ట్‌లో కాలేజ్ స్కాలర్‌షిప్ ప్లాన్ రాయించండి, సెమిస్టర్‌కి ఎంత అన్నది అంకెలతో సహా. ఆట మానేసిన రెండేళ్లలోపు చదువు మొదలుపెట్టకపోతే ఆ డబ్బు పోతుంది, చాలామందికి పోయేది అక్కడే.