ఐబ్రోస్ ఒక్కదానికే ఇంటికి రమ్మంటే రాకపోకల ఛార్జీ ఎంత పెట్టాల? (అనంతపురం)

స్కూటీ_కిట్:

అక్కలందరికీ నమస్తే. అనంతపురం టౌన్‌లో ఇళ్లకు పోయి బ్యూటీషియన్ పని చేస్తున్నా. షాపు లేదు. పెళ్లికూతురి మేకప్, ఫేషియల్ లాంటి పెద్ద పనులకు లెక్క సరిపోతుంది. చిక్కంతా చిన్న పనులతోనే. "ఐబ్రోస్ ఒక్కటే, ఐదు నిమిషాల పని, వచ్చిపోమ్మా" అని పిలుస్తారు.

ఇప్పుడు తీసుకుంటున్న రేట్లు: ఐబ్రోస్ 50, అప్పర్ లిప్ 30, అండర్ ఆర్మ్స్ వ్యాక్స్ 120, హాఫ్ హ్యాండ్స్ 200, ఫుల్ హ్యాండ్స్ 300, రూట్ టచప్ 250 (జుట్టు మొదళ్లకు రంగు, ప్యాకెట్ వాళ్లదే). ఉండేది సాయినగర్. పిలుపులు ఎక్కువగా రాంనగర్, కోవూరునగర్, రుద్రంపేట నుంచి, అప్పుడప్పుడు బుక్కరాయసముద్రం, రాప్తాడు నుంచి. టౌన్‌లో రావడానికని విడిగా ఏమీ అడగడం లేదు. టౌన్ దాటితే 50. స్కూటీ లీటరుకు 45 ఇస్తుంది.

రాకపోకల ఛార్జీ విడిగా చెప్పాలా, లేక మినిమం బిల్లు అని పెట్టాలా? దూరాన్ని బట్టి ఎట్లా విడగొట్టాల? బయల్దేరినాక వద్దంటే ఏం చేయాల?

పద్దు_పుస్తకం:

టౌన్ దాటితే 50 అన్నావంటే పెట్రోలు ఒక్కటే లెక్క వేసినట్టుంది చెల్లీ. పోయేది పెట్రోలు కాదు, పొద్దు.

ముందు నీ గంట విలువ తేల్చుకో. నెలకు 24,000 చేతిలో మిగలాలనుకో. నెలకు 24 రోజులు, రోజుకు 5 గంటలు పనికీ ప్రయాణానికీ పోతాయి. ఫోన్లు, టవళ్లు ఉతకడం, సామాను కొనడం వేరే, వాటికి ఎవరూ డబ్బులివ్వరు. 24,000ను 120 గంటలతో భాగిస్తే గంటకు 200.

బండి ఖర్చు: పెట్రోలు లీటరు 110 వేసుకుంటే కిలోమీటరుకు రెండున్నర దాకా. టైర్లు, ఆయిల్, బెల్టు, ఇన్సూరెన్స్ కలిపి ఇంకో రూపాయిన్నర. మొత్తం 4.

ఇప్పుడు 5 కిలోమీటర్ల దూరంలో ఐబ్రోస్ ఒక్కటే అనుకుందాం. పోను రాను ప్రయాణం 30 నిమిషాలు. బ్యాగు సర్దడం 10. అక్కడ కుర్చీ వెలుతురులోకి జరపడం, ఆమె ముఖం కడుక్కొని రావడం 10. పని 12. అద్దం చూసుకొని "ఈ పక్క రొంత పల్చగా చేయి" అనేది, డబ్బులిచ్చేది కలిపి 8. మొత్తం 70 నిమిషాలు, అంటే 233 రూపాయలు. బండికి 40. దారం, పౌడరు, దూది, జెల్‌కు 10 లోపే. దగ్గర దగ్గర 280 అవుతుంది. నువ్వు తీసుకునేది 50.

అందుకే మినిమం బిల్లు పెట్టు. ఇదే లెక్కతో దూరాలు విడగొడితే:

3 కిలోమీటర్ల లోపు 250.
3 నుంచి 7 వరకు 350.
టౌన్ బయట 15 దాకా 500. బుక్కరాయసముద్రం, రాప్తాడు రెండూ ఇందులోకే వస్తాయి.
ధర్మవరం, తాడిపత్రి లాంటివి చిన్న పనులకు వద్దు. ధర్మవరం పోయి రావడానికే 80 కిలోమీటర్లు, రెండున్నర గంటలు. దారం ముట్టుకోకముందే 800 పైన అయిపోతుంది. 1,500కు తక్కువైతే రానని చెప్పు.

"ఐబ్రోస్‌కు 250" అని ఎప్పుడూ అనొద్దు. "250 దాకా ఏ పనులైనా చేయించుకోండి" అను. డబ్బు అంతే, కానీ మొదటిది వింటే షాపులో 50 గుర్తుకొస్తుంది. రెండోది వింటే ఇంట్లో ఇంకెవరికి ఏం చేయించాలా అని చూస్తారు. ఇద్దరికి ఐబ్రోస్, అప్పర్ లిప్ కలిపి 160, ఒకరికి అండర్ ఆర్మ్స్ 120. 280 అయింది, నీకు అదనంగా పట్టేది అరగంట.

దారం_కత్తెర:

పైన అక్క లెక్క సరైందే. కానీ మినిమం బిల్లు ఒక్కటే పెట్టుకుంటే ఒక బొక్క ఉంటుంది. బిల్లు 350కి చేరింది కదా అని సంతోషపడతాం. అందులో ఫుల్ హ్యాండ్స్ వ్యాక్స్, ఐబ్రోస్ ఉంటే పని 45 నిమిషాలు, సామాను 50 రూపాయలు. దానికి ప్రయాణం, సర్దుడు 60 నిమిషాలు కలుపు. గంటా ముప్పావుకు 350. బండికి 40, సామానుకు 50 తీసేస్తే గంటకు 150 కూడా రాదు. 50 రూపాయల పని దగ్గర నష్టం కనబడుతుంది, 350 దగ్గర కనబడదు, అంతే తేడా.

నా మాట: టౌన్‌లో రాకపోకలకు 100 విడిగా, ప్రతి బిల్లుకూ. 800 దాటితే ఆ 100 వదిలేయి. దీనికి తోడు పైన చెప్పిన మినిమం ఉండనీ. 100 వదిలించుకోవడానికి 650 దగ్గర ఆగేవాళ్లు పెడిక్యూర్ కూడా చేయించుకుంటారు.

ఇంకోటి. బాలింతలు, మోకాళ్ల నొప్పులతో మెట్లు దిగలేని పెద్దవాళ్లు నిజంగా ఒక్క పనికే పిలుస్తారు. వాళ్లచేత అక్కర్లేని పనులు చేయించి 350 నింపడం బాగుండదు. వాళ్లకు పని రేటు, రాకపోకల 100, అంతే చెప్పు. ఆ వీధిలో వేరే పిలుపు ఉన్న రోజే పోతానని కూడా చెప్పు, ఒప్పుకుంటారు.

స్కూటీ_కిట్:

థాంక్స్ అక్కా. 100 విడిగా, పైన మినిమం, రెండూ కలిపి చూస్తా. మరి మినిమం నింపడానికి వాళ్లే "ఐబ్రోస్ తీసినావు కదా, ముఖానికి బ్లీచ్ కూడా వేసేయి" అంటారు. వేయొచ్చా? వ్యాక్స్ ఒక్కటే చిన్నగా అడిగితే హీటర్ వేడెక్కేదాకా ఊరికే కూర్చోవాల్సి వస్తోంది, దానికేమన్నా దారి ఉందా?

వ్యాక్స్_స్ట్రిప్:

బ్లీచ్ వద్దమ్మా. దారంతో లాగిన చోట చర్మం గీసుకున్నట్టే ఉంటుంది, బ్లీచ్ పడితే మంట, ఎర్రగా కందడం, కొందరికి పొక్కులు. ఒక రోజన్నా తేడా ఉండాల. స్క్రబ్ కూడా అదే రోజు కనుబొమల చుట్టూ, పెదవి పైన రుద్దొద్దు. 300 బిల్లు కోసం ముఖం కందిందంటే ఆ వీధి మొత్తం పోతుంది.

కలపాలంటే వేరే చోటి పనులు కలుపు. ఐబ్రోస్‌తో పెడిక్యూర్, చేతుల వ్యాక్స్, జుట్టు చివర్లు కత్తిరించడం, తలకు నూనె మసాజ్. నూనె మసాజ్ చివర్లో పెట్టుకో, నూనె చేతులతో దారం పట్టు తప్పుతుంది.

అన్నిటికన్నా లాభమైంది రూట్ టచప్. రంగు పూసేది 20 నిమిషాలు, రంగు పట్టేదాకా ప్యాకెట్ మీద రాసినంతసేపు, మామూలుగా అరగంట. ఆ అరగంటలో కోడలికీ కూతురికీ ఐబ్రోస్ అయిపోతాయి. ఒకే గంటకు రెండు సంపాదనలు. ప్యాచ్ టెస్టు (రంగు ఒంటికి పడుతుందా లేదా చూసుకునేది) మాత్రం 48 గంటల ముందే కావాల. చెవి వెనక చుక్క పెట్టుకొని చూడమని ఫోన్లోనే చెప్పు. ఆ పూట చెప్పకుండా పోయి, అక్కడ ఆమె "పోయినసారి దురద పెట్టింది" అంటే పని చేయలేవు, దారి ఖర్చు నీ మీదే.

ఇక వ్యాక్స్. హీటర్‌కు సగం డబ్బా వ్యాక్స్ కరగడానికి 20 నిమిషాల దాకా పడుతుంది. చేతులు ఒక్కరివైనా నలుగురివైనా అంతే. అందుకే ఒక్క అండర్ ఆర్మ్స్‌కు ఇంటికి పోతే దండగ. ఇంట్లోకి అడుగు పెట్టగానే ముందు హీటర్ ప్లగ్గులో పెట్టు, తర్వాతే పలకరింపులు. అది కాగేలోపు దారం పని ముగించు. ప్లగ్గు గోడ మూల ఉంటుంది, కుర్చీ కిటికీ దగ్గర ఉంటుంది, కాబట్టి 3 మీటర్ల ఎక్స్‌టెన్షన్ బాక్స్ బ్యాగులో ఉండాల. వేడి వ్యాక్స్ ఇంటి దగ్గరే కాచి స్కూటీ మీద తీసుకుపోదామని మాత్రం చూడొద్దు. స్పీడ్ బ్రేకర్ దగ్గర మూత ఊడితే బ్యాగు, కాలు రెండూ పోతాయి. చిన్న పనులకు 100 గ్రాముల రోలర్ కాట్రిడ్జ్ (వ్యాక్స్ నింపి, మూతి దగ్గర రోలర్ ఉండే చిన్న డబ్బా) మేలు. బ్యాగులో ఒలకదు, ఎంత వాడినావో తూకం తెలుస్తుంది. కానీ ఒకరికి వాడిన రోలర్ ఇంకొకరికి వాడొద్దు. ఒకరికి ఒక కాట్రిడ్జ్ లెక్క రేటులో కలుపుకో. డబ్బా వ్యాక్స్ అయితే చర్మానికి తగిలిన గరిటె మళ్లీ డబ్బాలో ముంచకు, కొయ్య గరిటెలు వాడి పారేయి.

మన ఊరి ఎండాకాలంలో మధ్యాహ్నం 12 నుంచి 4 మధ్య వ్యాక్స్ పిలుపులు ఒప్పుకోవద్దు. చెమటకు స్ట్రిప్ పట్టదు, వెంట్రుక సగంలో తెగుతుంది, ఒకే చోట రెండుసార్లు మూడుసార్లు లాగితే చర్మం లేస్తుంది. పని 20 నిమిషాలది 40 అవుతుంది, రేటు అదే. మొటిమలకు డాక్టరు ఇచ్చిన మాత్రలు, రెటినాల్ క్రీములు వాడుతున్నారా అని కూడా అడుగు. వాడుతుంటే వ్యాక్స్ వద్దు, చర్మం ఊడి వస్తుంది.

పద్దు_పుస్తకం:

క్యాన్సిల్ సంగతి ఎవరూ చెప్పలేదు. కొత్తవాళ్ల దగ్గర ముందే 100 ఫోన్‌పేలో వేయించుకో, బిల్లులో తీసేస్తావు. బయల్దేరే ముందు వద్దంటే తిరిగి వేసేయి. బయల్దేరినాక వద్దంటే తిరిగివ్వవు. పాతవాళ్లను అడగాల్సిన పని లేదు, ఒకసారి ఎగ్గొట్టినవాళ్లను తప్ప. పోయినాక "స్నానం చేసొస్తా ఉండు" అంటే 10 నిమిషాలు ఊరికే, ఆపైన ప్రతి 15 నిమిషాలకు 50. నిజంగా వసూలు చేసేది తక్కువే, రాసిపెట్టి ఉంటే మాత్రం తయారుగా ఉంటారు.

అడ్రస్ అడగకముందే పంపాల్సిన మెసేజ్ ఇదిగో, నీ రేట్లు మార్చుకో:

"నమస్తే మేడమ్. ఇంటికి వచ్చి చేసే పనికి మీ ఏరియాకు మినిమం బిల్లు 350. ఇంట్లో ఎంతమందికి చేయించినా అందరిదీ కలిపే లెక్క. రాకపోకలు 100 విడిగా, బిల్లు 800 దాటితే అది ఉండదు. ఆడవాళ్లకు మాత్రమే. ఉదయం 9 నుంచి సాయంత్రం 7 వరకు. ఎవరెవరికి ఏమేం కావాలో పంపితే టైమ్ చెప్తాను. ముఖానికి నూనె, క్రీమ్ లేకుండా ఉంటే పని త్వరగా అవుతుంది."

"ఎవరెవరికి ఏమేం" అన్న మాట తీసేయొద్దు. పోయినాక అత్త, ఆడబిడ్డ లైనులో నిలబడితే తర్వాతి పిలుపు గంట ఆలస్యం. ముందే చెప్పిస్తే అదే నీకు బిల్లు.

స్కూటీ_కిట్:

పాత కస్టమర్లకు ఒక్కసారిగా చెబితే బేరం మొదలవుతుందేమో?

దారం_కత్తెర:

బేరంలో రేటు తగ్గించకు, రోజు మార్చు. మంగళ, శుక్రవారాల్లో చాలా ఇళ్లలో వెంట్రుక తీయించుకోరు. ఆ రెండు రోజులు పెడిక్యూర్‌కో సామాను కొనడానికో ఉంచుకో. మిగతా రోజులకు ఏరియాలు కట్టు: బుధవారం రాంనగర్ వైపు, గురువారం కోవూరునగర్, శనివారం రుద్రంపేట. "మీ ఏరియా రోజు అయితే మినిమం 200, రాకపోకలు లేవు. వేరే రోజు పిలిస్తే 350, పైన 100" అని చెప్పు. ఒకే వీధిలో మూడిళ్లు పడితే ఒక్కో ఇంటికి ప్రయాణం 10 నిమిషాలకు తగ్గుతుంది కాబట్టి 200 కూడా గిట్టుబాటే.

శ్రావణంలో మాత్రం ఈ తగ్గింపు ఆపేయి. వరలక్ష్మీ వ్రతం శుక్రవారం కాబట్టి ముందు బుధ, గురువారాల్లో ఊపిరాడదు, మినిమం 500 అన్నా పిలుస్తారు. ఆ రెండు రోజులకు వారం ముందే అడ్వాన్సు తీసుకో. పాతవాళ్లకు కొత్త రేటు చెప్పడానికి ఆషాఢం మంచిది. పెళ్లిళ్లు ఉండవు, నీకూ ఫోన్లో నిదానంగా మాట్లాడే తీరిక ఉంటుంది.