బర్డ్ ఫ్లూ వైరస్‌పై మొక్కల పదార్థాలు: మందుకన్నా మెరుగైన ఫలితం వస్తే నమ్మవచ్చా?

ఫ్లేవనాయిడ్ విద్యార్థిని అడిగిన ప్రశ్న

నేను మొక్కలలో దొరికే ఫ్లేవనాయిడ్లపై పరిశోధన చేస్తున్నాను. బర్డ్ ఫ్లూ కలిగించే హెచ్5ఎన్1 వైరస్ పైపొరలో ఉండే న్యూరమినిడేజ్ ఎంజైమును వీటిలో ఏదైనా అడ్డుకోగలదేమో తేల్చడం నా పని. కొత్తగా పుట్టిన వైరస్ రేణువులు కణాన్ని విడిచి బయటపడాలంటే ఈ ఎంజైము కణం పైన ఉండే సియాలిక్ ఆమ్లం అనే చక్కెర బంధాన్ని తెంచాలి. ఫ్లూకు వాడే ఒసెల్టామివిర్, జనామివిర్ మందులు పనిచేసేది కూడా ఇక్కడే. మొదట కంప్యూటరులో డాకింగ్ (ఏ అణువు ఎంజైములో ఎలా అమరుతుందో లెక్కగట్టడం) చేసి క్వెర్సెటిన్‌తో సహా నాలుగు పదార్థాలను ఎంచుకున్నాను. ఫ్లోరెసెన్స్‌తో కొలిచే ఎంజైము పరీక్షలో నాలుగూ ఎంజైము పనిని సగానికి పైగా తగ్గించాయి. హెచ్5ఎన్1 వైరస్‌ను ముట్టుకోవడానికి కావలసిన భద్రతా స్థాయి మా ప్రయోగశాలకు లేదు కనుక, తక్కువ తీవ్రత గల ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ను ప్రయోగశాలలో పెంచే ఎండీసీకే కణాలకు సోకించి, 50 మైక్రోమోలార్ మోతాదులో ఈ పదార్థాలను వేసి, ఎంటీటీ పరీక్షతో కణాలు ఎన్ని బతికాయో చూశాను. పోలిక కోసం ఒసెల్టామివిర్ ఫాస్ఫేట్ వాడాను.

నా పదార్థాలలో మూడు ఆ మందుకన్నా మెరుగ్గా కనబడ్డాయి. సంతోషించవలసిన నాకు అప్పటినుంచి అనుమానమే పట్టుకుంది. ఇది నిజమైన ఫలితమేనా? దీనిని బర్డ్ ఫ్లూకు వ్యతిరేకంగా పనిచేసే పదార్థమని వ్యాసంలో రాయవచ్చా?

‘ప్లాకుల లెక్క’ అనే పేరుతో వచ్చిన జవాబు

మీ అనుమానం సరైనదే. ముందుగా మీరు పోలికకు పెట్టుకున్న మందునే చూడండి. ఒసెల్టామివిర్ ఫాస్ఫేట్ తనంతట తాను మందు కాదు. మింగిన తరువాత ప్రధానంగా కాలేయంలోని కార్బాక్సిలెస్టరేజ్ ఎంజైము దానిని ఒసెల్టామివిర్ కార్బాక్సిలేట్‌గా మార్చినప్పుడే అది న్యూరమినిడేజ్‌ను పట్టుకుంటుంది. ఎండీసీకే కుక్క మూత్రపిండపు కణజాతి. అక్కడ ఆ మార్పు సరిగా జరుగుతుందని అనుకోవడానికి లేదు. అంటే మీరు పరుగు పందెంలో ప్రత్యర్థి కాళ్లు కట్టేసి గెలిచారు. నేరుగా కార్బాక్సిలేట్‌నే తెప్పించి ఎంజైము పరీక్షలో వేసి చూడండి, అది నానోమోలార్ (మైక్రోమోలార్‌లో వెయ్యో వంతు) స్థాయిలోనే పనిచేస్తుంది. మీ 50 మైక్రోమోలార్ ఎంత పెద్ద మోతాదో అప్పుడు తెలుస్తుంది.

రెండవది ఎంటీటీ పరీక్ష. బతికున్న కణాలు ఎంటీటీ అనే పసుపు రంగు పదార్థాన్ని ఊదా రంగు ఫార్మజాన్‌గా మారుస్తాయనే నమ్మకంపైనే ఆ పరీక్ష నిలబడి ఉంది. అయితే క్వెర్సెటిన్ వంటి పాలీఫినాళ్లకు ఎంటీటీని తామే క్షయకరణం చేసే శక్తి ఉంది. ఒక ప్లేటులో కణాలు అసలే లేని గుంటలు కొన్ని ఉంచి, వాటిలో మీ పదార్థాన్ని, ఎంటీటీని మాత్రమే వేసి, మామూలుగా ఉంచేంతసేపు ఇంక్యుబేటరులో ఉంచి చూడండి. ఖాళీ గుంట ఊదాగా మారితే, మీరు ఇంతవరకు లెక్కపెట్టిన బతికిన కణాలలో కొంత భాగం కణాలే కావు. మా దగ్గర ఒకసారి ఇలాగే జరిగింది. రెండు నెలల పని ఒక్క మధ్యాహ్నంలో చెత్తబుట్టకు పోయింది.

మూడవది చాలామంది పట్టించుకోని విషయం. తక్కువ తీవ్రత గల వైరస్‌లను ఎండీసీకే కణాలలో పెంచాలంటే మాధ్యమంలో ట్రిప్సిన్ కలపాలి, ఎందుకంటే అవి కణంలోకి చొరబడడానికి వాడే హీమగ్లూటినిన్ ప్రోటీన్‌ను చీల్చడానికి బయటి నుంచి ఎంజైము కావాలి. టానిన్లు, మరికొన్ని పాలీఫినాళ్లు ప్రోటీన్లకు అతుక్కుని ట్రిప్సిన్‌నే అడ్డుకోగలవు. అప్పుడు వైరస్ పెరగదు, కణాలు చావవు, మీ పదార్థం గెలిచినట్టు కనబడుతుంది. తీవ్రమైన హెచ్5ఎన్1కు చీలిక స్థానంలో క్షార అమైనో ఆమ్లాల వరుస ఉంటుంది కనుక కణంలోని ఫ్యూరిన్ అనే ఎంజైముతోనే పని జరిగిపోతుంది, ట్రిప్సిన్ అక్కరలేదు. కాబట్టి మీ ప్రయోగంలో ట్రిప్సిన్ వల్ల వచ్చిన ఫలితం అసలు బర్డ్ ఫ్లూ వైరస్ దగ్గర మాయమవుతుంది.

కణాల బతుకు చూడడంతో ఆగకుండా పై ద్రవాన్ని తీసి ప్లాక్ పరీక్షతో (కణాల పొరలో వైరస్ చేసే ఖాళీ మచ్చలను లెక్కించి) వైరస్ ఎంత పుట్టిందో లెక్కపెట్టండి. కణాలలో సగాన్ని చంపే మోతాదు సీసీ50ని, వైరస్‌ను సగానికి తగ్గించే మోతాదు ఈసీ50తో భాగిస్తే వచ్చే సంఖ్య పదికి తగ్గితే నేనైతే ముందుకు పోను. పదార్థాన్ని సోకించడానికి ముందు, సోకేటప్పుడు, సోకిన తరువాత వేర్వేరుగా వేసి కూడా చూడాలి. న్యూరమినిడేజ్‌ను అడ్డుకునేదే అయితే సోకిన తరువాత వేసినా పనిచేయాలి. వైరస్‌తో ముందుగా కలిపి ఉంచినప్పుడే పనిచేస్తే అది రేణువులను ముద్ద చేస్తోందేమో చూడాలి.

‘రసాయన పక్షం’ అనే పేరుతో వచ్చిన జవాబు

పైన చెప్పినదానికి తోడుగా మీ ఎంజైము పరీక్ష గురించి నాలుగు మాటలు. మీరు వాడింది మునానా అనే పదార్థంతో చేసే పరీక్షే అయితే, ఎంజైము ఆ పదార్థాన్ని తెంచినప్పుడు విడుదలయ్యే 4-మిథైల్‌అంబెల్లిఫెరోన్ ఇచ్చే నీలి వెలుగునే మీ యంత్రం కొలుస్తుంది. దానిని వెలిగించడానికి పంపే కిరణాలను క్వెర్సెటిన్ కూడా బాగా పీల్చుకుంటుంది. ఎంజైము ఎప్పటిలాగే పనిచేస్తున్నా వెలుగు తగ్గి కనబడుతుంది, మనం అడ్డుకుందని రాసుకుంటాం. ఎంజైము లేకుండా 4-మిథైల్‌అంబెల్లిఫెరోన్‌నే తీసుకుని, దానికి మీ పదార్థాన్ని కలపండి. వెలుగు పడిపోతే అంతమేరకు మీ ఫలితం నుంచి తీసివేయవలసిందే. ఇంకొక గుంటలో కొంచెం ట్రైటాన్ ఎక్స్-100 వేసి చూడండి. డిటర్జెంటు తగలగానే అడ్డుకునే గుణం పోతే, అది ఎంజైము చోటులో కూర్చున్న అణువు కాదు, నీటిలో గుంపు కట్టి ఎంజైమును చుట్టేసిన ముద్ద. పసుపులోని కర్కుమిన్ దాదాపు ప్రతి పరీక్షలోనూ పాస్ కావడానికి ఇటువంటి కారణాలే ఎక్కువ.

డాకింగ్ స్కోరు మీద నాకు పెద్ద గౌరవం లేదని ముందే ఒప్పుకుంటాను. ఎన్1 న్యూరమినిడేజ్ నిర్మాణం 2006లో వెలువడినప్పుడు, చురుకైన చోటు పక్కన 150 లూప్ అనే వంపు దగ్గర ఒక అదనపు గుంత ఉన్నట్టు తెలిసింది. మందు కూర్చున్న కొద్దిసేపటికి ఆ లూప్ కదిలి గుంత మూసుకోగలదని కూడా కనబడింది. మీరు తెరిచి ఉన్న నిర్మాణాన్ని తీసుకున్నారా, మూసుకున్నదానినా అన్నదానిపై మీ నాలుగు పదార్థాల వరుసే మారిపోవచ్చు.

సహజ పదార్థాలు దండగ అని నా ఉద్దేశం కాదు. ఒసెల్టామివిర్ తయారీ చాలాకాలం మొదలైంది ప్రధానంగా అనాసపువ్వు నుంచి తీసిన షికిమిక్ ఆమ్లంతోనే. 2005లో బర్డ్ ఫ్లూ భయంతో మందుకు గిరాకీ పెరిగినప్పుడు ఆ ముడిసరుకుకే కొరత వచ్చింది. అయితే షికిమిక్ ఆమ్లం వైరస్‌ను ఆపే మందు కాదు, రసాయన శాలలో ఎన్నో మెట్లు ఎక్కిన తరువాతే అది మందైంది. క్వెర్సెటిన్‌ను మింగితే పేగుల్లో, కాలేయంలో గ్లూకురోనైడ్, సల్ఫేట్ తగిలించుకుని రక్తంలోకి వస్తుంది. ప్లేటులో మీరు వేసిన అణువు ఊపిరితిత్తుల దాకా ఆ రూపంలో, ఆ మోతాదులో చేరుతుందని చెప్పడానికి మీ దగ్గర ఇప్పటికైతే ఏమీ లేదు.

ఫ్లేవనాయిడ్ విద్యార్థిని, మూడు వారాల తరువాత

ఇద్దరికీ కృతజ్ఞతలు. కణాలు లేని గుంటలు రెండు పదార్థాలకు ఊదాగా మారాయి. ప్లేటును కిటికీ దగ్గర పెట్టి చూస్తే యంత్రం అక్కరలేకుండానే తెలిసిపోయింది. వెలుగు తగ్గడాన్ని సవరించిన తరువాత నాలుగింటిలో ఒక్కటే మిగిలింది, దాని బలం కూడా మూడో వంతుకు పడిపోయింది. డిటర్జెంటు వేసినా అది తగ్గలేదు. ఇప్పుడు దీనిని హెచ్5ఎన్1పై పరీక్షించడానికి ఉన్నత స్థాయి ప్రయోగశాలను అడగవచ్చా? హెచ్5 ప్రోటీన్ తొడిగిన సూడోవైరస్‌తో (రోగం తేలేని నకిలీ వైరస్) మా దగ్గరే చేయవచ్చని ఒకరు సలహా ఇచ్చారు.

ప్లాకుల లెక్క ఇచ్చిన జవాబు

సూడోవైరస్ కణంలోకి చొరబడడాన్ని మాత్రమే చూపిస్తుంది. మీ పదార్థం పట్టుకునేది బయటపడే దశను కనుక ఆ పరీక్ష మీకు పెద్దగా ఉపయోగపడదు. హెచ్5ఎన్1కు చెందిన ఎన్1 ఎంజైమును రీకాంబినెంట్ ప్రోటీన్‌గా (దాని జన్యువుతో ప్రయోగశాలలో తయారుచేసినది) తెప్పించుకోండి, అది వైరస్ కాదు, మీ గదిలోనే పని జరుగుతుంది. 274వ స్థానంలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం బదులు టైరోసిన్ ఉన్న ఎంజైమును కూడా పక్కన పెట్టుకోండి. ఈ మార్పు వస్తే ఒసెల్టామివిర్ బలం బాగా పడిపోతుంది, జనామివిర్ మాత్రం చాలావరకు పనిచేస్తుంది. మీ పదార్థం దేని వైపు నిలుస్తుందో చూస్తే అది ఎలా కూర్చుంటోందో కొంత అర్థమవుతుంది. మూడో స్థాయి భద్రత గల ప్రయోగశాలను అడగడం ఆ తరువాత.

పశువైద్యుడు ఇచ్చిన జవాబు

ఇది కోళ్లకు పెట్టవచ్చా అని ఎవరో అడుగుతారు కనుక ముందే చెబుతున్నాను. తీవ్రమైన హెచ్5ఎన్1 సోకిన కోడి చాలాసార్లు రెండు రోజుల్లోపే చచ్చిపోతుంది, మందు పనిచేయడానికి వ్యవధే ఉండదు. సగం పనిచేసే మందు ఇంకా ప్రమాదం: పక్షి బతికి, వైరస్‌ను వదులుతూ, చూడడానికి ఆరోగ్యంగా తిరుగుతుంది. మీ పదార్థం ముందుకు పోతే ఎలుకల తరువాత ఫెర్రెట్లు అనే చిన్న జంతువుల దగ్గర పరీక్షించండి, వాటి శ్వాసనాళంలోని సియాలిక్ ఆమ్లపు అమరిక మనిషిదానికి దగ్గరగా ఉంటుంది. వ్యాసం శీర్షికలో ప్రస్తుతానికి ఎన్1 న్యూరమినిడేజ్ అని రాయండి, బర్డ్ ఫ్లూ అని వద్దు.