పూత మీదున్న టమాటాకి ఆకులు పసుపెక్కుతున్నాయి: ఎరువు పెంచాలా, ఆపాలా?

గదిలోతోట
అందరికీ నమస్తే. గ్రో టెంట్‌లో ఎల్ఈడీ లైట్ కింద టమాటా వేశాను, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) కుండీల్లో. రెండు గుత్తులు విచ్చుకున్నాయి, మూడోది మొగ్గ మీదుంది. మొన్నటిదాకా నిగనిగలాడిన మొక్క ఉన్నట్టుండి కింద నుంచి పసుపెక్కడం మొదలెట్టింది. ఆర్వో నీళ్ళే వాడతాను, పూత కనపడగానే పూత ఎరువుకి మారాను, అదే నైట్రోజన్ తక్కువ ఉండి ఫాస్ఫరస్ పొటాష్ ఎక్కువ ఉండేది. పోసే నీళ్ళ ఈసీ (నీళ్ళలో కరిగిన ఎరువు ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) 2.4, పీహెచ్ 6. తెలిసినవాళ్ళని అడిగితే ఒకరు ఆకలి అన్నారు ఇంకొకరు అజీర్తి అన్నారు. ఇంతకీ ఎరువు పెంచాలా, ఆపాలా?

పచ్చతోరణం
ఇందులో కంగారు పడ్డానికి ఏముంది బ్రో, పూత టైమ్‌లో కింది ఆకులు పండిపోవడం మామూలే. పైన ఆకు కమ్మేస్తుంది, కిందకి వెలుతురు అందదు, పని చెయ్యని ఆకుని మొక్క ఎందుకు మోస్తుంది? అందులో ఉన్న నైట్రోజన్ వెనక్కి లాక్కుని పైనున్న పూతకి పంపేస్తుంది. తెంపేసి నీ పని నువ్వు చూసుకో.

నీళ్ళచెంబు
పూత ఎరువుకి మారగానే పసుపు వచ్చిందంటే నైట్రోజన్ చాలట్లేదని అర్థం. టమాటా పూత పూస్తూనే పెరుగుతూ ఉంటుంది, పూత రాగానే నైట్రోజన్ కోసెయ్యాలని ఎవరు చెప్పారో గానీ అందరూ అదే చేస్తారు. పాత ఎరువుకి మారిపో, డోస్ కొంచెం పెంచు.

కోకోమేస్త్రి
ఇద్దరూ ఆకు చూడకుండానే మందు రాసేశారు. పండుటాకు అంటే అట్టడుగున ఒకటో రెండో, అదీ నిదానంగా, ఈనెలతో సహా ఆకంతా ఒకే పసుపు. నైట్రోజన్ తక్కువైనా పసుపు అలాగే ఉంటుంది కానీ అది అట్టడుగుతో ఆగకుండా ఒక్కో ఆకూ ఎక్కుతూ వస్తుంది, మొక్క మొత్తం వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. గదిలోతోట గారూ, పసుపెక్కిన ఆకు ఒకటి తెంపి లైట్‌కి ఎదురుగా పట్టుకుని చూడండి, ఈనెలు పచ్చగా ఉన్నాయా, పసుపయ్యాయా? పసుపు మొదలైంది అట్టడుగునా, మధ్యలోనా? పనిలో పని ఆకు అడుగు కూడా చూడండి, ఎర్రనల్లి పడితే పై నుంచి సూదితో పొడిచినట్టు తెల్ల చుక్కలు కనపడతాయి, దూరం నుంచి అదీ పసుపులానే ఉంటుంది. నల్లి అర మిల్లీమీటర్ కూడా ఉండదు, భూతద్దం కావాలి.

గదిలోతోట
చూశానండి. మధ్య ఈనె, దాన్నుంచి పక్కలకి పోయే ఈనెలు పచ్చగానే ఉన్నాయి. వాటి మధ్యలో కండ మాత్రం పసుపు, చేప ముల్లు గీసినట్టుంది. అంచు చుట్టూ సన్నగా పచ్చ గీత మిగిలింది, పసుపు బాగా ముదిరిన చోట గోధుమ రంగు మచ్చలు పడ్డాయి. విచిత్రం ఏంటంటే అట్టడుగు రెండు ఆకులు పర్లేదు, మొదటి గుత్తి చుట్టుపక్కల ఉన్నవే ఘోరంగా ఉన్నాయి. చిగురు శుభ్రంగా పచ్చగా ఉంది. నల్లి లేదు, బూజు లేదు.

కోకోమేస్త్రి
అయితే మెగ్నీషియం. పెద్దగా అనుమానం అక్కర్లేదు. చిగురు పసుపయ్యి ఈనెలు పచ్చగా ఉంటే ఐరన్ అనేవాణ్ణి, ఐరన్ ఒకసారి ఆకులో కూర్చుంటే మళ్ళీ కదలదు కాబట్టి కొత్త ఆకుకే కరువొస్తుంది. మెగ్నీషియం అలా కాదు, పాత ఆకు నుంచి పైకి పోతుంది కాబట్టి దెబ్బ ముదురాకుకి తగులుతుంది. టమాటాలో కాయ పట్టే దశలో గుత్తి దగ్గరి ఆకులే ముందు పోతాయి, మీరు చెప్పింది సరిగ్గా అదే.

పచ్చతోరణం
ఒప్పుకుంటా, ఈనెలు పచ్చగా ఉంటే అది పండుటాకు కాదు. అయితే లీటర్‌కి ఇంత ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) కలిపి పోస్తే సరిపోతుందిగా, దీనికింత చర్చ ఎందుకు?

పూతరేకు
సరిపోదండీ. ఎప్సమ్ సాల్ట్ పొయ్యడం తేలికే, కానీ కుండీలో మెగ్నీషియం నిజంగానే లేదా, ఉండి కూడా మొక్క తీసుకోలేకపోతోందా అన్నది తేలాలి కదా. పూత ఎరువులో పొటాష్ దండిగా ఉంటుంది. వేరు దగ్గర పొటాషియం, మెగ్నీషియం, కాల్షియం పోటీ పడతాయి, ఒకటి గుంపుగా వస్తే మిగతా రెండూ వెనకబడతాయి. అందులోనూ కోకోపీట్ సంగతి తెలిసిందే, సరిగ్గా కాల్షియంతో నానబెట్టి కడగని పీట్ అయితే కాల్షియం మెగ్నీషియం తన దగ్గర పట్టేసుకుని దాని బదులు పొటాషియం సోడియం వదుల్తుంది. అంటే ఈయన కుండీలో పొటాషియం రెండు వైపుల నుంచీ వస్తోంది, ఆర్వో నీళ్ళలో మెగ్నీషియం ఎలాగూ లేదు. నా అనుమానం ఆకలీ అజీర్తీ రెండూ ఒకేసారి ఉన్నాయని. కుండీ కింద నుంచి కారిన నీళ్ళ ఈసీ ఎంతో చెప్పండి ముందు.

గదిలోతోట
ఇప్పుడే పట్టి చూశా. పోసింది 2.4, కారింది 4.3. పీహెచ్ 5.6. ఇంత తేడా ఉంటుందా?

పూతరేకు
ఉంటుంది, కుండీ కింద నుంచి నీళ్ళు కారేదాకా పొయ్యకుండా కొంచెం కొంచెం పోసేవాళ్ళకి అలాగే ఉంటుంది. మొక్క నీళ్ళు తాగేసి ఉప్పు వదిలేస్తోంది, అది పోగుపడుతోంది. ఆకు కొనలు ఎండి కాలినట్టు ఉన్నాయా చూడండి.

గదిలోతోట
పై ఆకుల్లో కొన్నిటికి కొన మీద గోరంత గోధుమ రంగు ఉంది. లైట్ వేడి అనుకున్నా.

నీళ్ళచెంబు
4.3 అంటే నా మాట వెనక్కి, డోస్ పెంచొద్దు. మరి కడిగెయ్యి బాసూ, ఉత్త ఆర్వో నీళ్ళు కుండీకి మూడింతలు పోసేస్తే ఉప్పంతా దిగిపోతుంది.

కోకోమేస్త్రి
అయ్యో, ఉత్త ఆర్వో మాత్రం వద్దండి. మట్టిలో అయితే చెల్లుతుందేమో గానీ కోకోలో తనంతట తాను పోషకం ఏదీ లేదు, ఉన్నది మనం పోసిందే. మెగ్నీషియం కరువున్న మొక్కకి ఉత్త నీళ్ళు పోసి ఉన్న కాస్తా కడిగేస్తే పూతలో ఉన్న మొక్క ఏం తినాలి? పైగా 4 మీదున్న వేరుకి ఒక్కసారి సున్నా చూపించడం దానికీ షాకే. పలచటి ఎరువు నీళ్ళు, ఈసీ 1.2 దగ్గర కలిపి, అందులో కాల్షియం మెగ్నీషియం ఉండేలా చూసుకుని దానితో కడగాలి. కారే నీళ్ళు 2.5 కిందకి దిగేదాకా ఓపిగ్గా పొయ్యండి, తర్వాత పోసిన ప్రతిసారీ పదో పదిహేనో శాతం కింద నుంచి కారేలా పొయ్యండి.

నీళ్ళచెంబు
ఉత్త నీళ్ళతో కడిగి ఆ తర్వాత ఫుల్ డోస్ పోసినవాళ్ళు బోలెడుమంది ఉన్నారు మేస్త్రీ, వాళ్ళ మొక్కలేమీ చచ్చిపోలేదు.

కోకోమేస్త్రి
చచ్చిపోతుందని నేనన్లేదు. వెంటనే ఫుల్ డోస్ పోస్తే మొక్క నిలబడుతుంది, కానీ చాలామంది కడిగి ఒక పూట ఆరబెడతారు. అక్కడ తేడా కొడుతుంది.

టెంటులైట్
అసలు విషయం ఎవరూ అడగట్లేదు, లైట్ ఎన్ని గంటలు వేస్తున్నారు? టమాటాకి 24 గంటలూ లైట్ వేస్తే ఎరువు ఎంత బాగున్నా ఆకులు పసుపు మచ్చలేస్తాయి, దానికి చీకటి కావాల్సిందే. ఇంకోటి, పాత సోడియం లైట్ల నుంచి ఎల్ఈడీకి మారిన వాళ్ళందరికీ మెగ్నీషియం గోల మొదలైంది, ఎల్ఈడీ కింద ఆకు అంత వేడెక్కదు, ఆకు చల్లగా ఉంటే నీళ్ళు తక్కువ లాగుతుంది, నీళ్ళతో వచ్చే పోషకం తగ్గుతుంది. అందుకే ఎల్ఈడీ అంటే కాల్‌మ్యాగ్, అదే కాల్షియం మెగ్నీషియం కలిపిన సీసా మందు, తప్పదు.

గదిలోతోట
16 గంటలు లైట్, 8 గంటలు చీకటి.

పూతరేకు
గంటలు బాగానే ఉన్నాయి, అది వదిలెయ్యండి. టెంటులైట్ గారి రెండో పాయింట్‌తో మాత్రం నాకు పేచీ ఉంది. ఆకు చల్లబడితే నీళ్ళు తక్కువ లాగుతుందన్న మాట నిజమే, దాని దెబ్బ ఎక్కువ తగిలేది కాల్షియంకి, ఎందుకంటే కాల్షియం నీళ్ళతో పాటే పైకెక్కుతుంది, ఒకసారి ఎక్కాక దిగదు. మెగ్నీషియం ఆకు నుంచి ఆకుకి మారగలదు. ఎల్ఈడీ కింద వచ్చే ప్రతి పసుపుకీ కాల్‌మ్యాగ్ సీసా ఎత్తడం అలవాటైపోయింది జనానికి. ఆ సీసాల్లో చాలావాటిలో కాల్షియమే ఎక్కువ, మెగ్నీషియం కొసరు. ఇప్పటికే 4.3 మీదున్న కుండీలో ఇంకా కాల్షియం పోస్తే పోటీకి మరో పహిల్వాన్‌ని దింపినట్టే.

టెంటులైట్
ఆర్వో నీళ్ళు వాడేవాడికి కాల్షియం వద్దంటారా? రేపు కాయ కింద నల్లగా కుళ్ళితే ఎవరిది బాధ్యత?

పూతరేకు
వద్దనలేదండీ, ఎరువులోనే కాల్షియం నైట్రేట్ ఉంటే అది చాలు అంటున్నా. కాయ అడుగు కుళ్ళు కూడా చాలాసార్లు కుండీలో కాల్షియం లేక కాదు, నీళ్ళు ఒకరోజు పోసి ఒకరోజు మర్చిపోతే, లేదా ఉప్పు ఎక్కువై వేరు నీళ్ళు లాగలేకపోతే వస్తుంది. అంటే మళ్ళీ ఆ 4.3 దగ్గరికే.

లెక్క చెప్తా. ఎప్సమ్ సాల్ట్ లీటర్‌కి 1 గ్రాము వేస్తే దాదాపు 98 పీపీఎం (లీటర్‌కి అన్ని మిల్లీగ్రాములు) మెగ్నీషియం వస్తుంది. టమాటాకి మొత్తం మీద 40 నుంచి 60 పీపీఎం చాలు, మీ ఎరువులో కొంత ఉంటుంది కాబట్టి అర గ్రాము మించొద్దు. చెంచాతో కొలిస్తే చెంచా చెంచాకీ తేడా, చిన్న తూకం మిషన్ వాడండి. కాల్షియం నైట్రేట్ గాఢంగా కలిపిన డబ్బాలో ఎప్సమ్ వెయ్యొద్దు, రెండూ కలిసి జిప్సం అయ్యి అడుగున తెల్లగా పేరుకుంటుంది, దేనికీ పనికిరాదు. పూర్తిగా పలచన చేశాక కలిపితే పర్లేదు. పూత ఎరువు ఆపేసి మామూలు టమాటా ఎరువుకి రండి, పొటాష్ తగ్గించకుండా ఎప్సమ్ ఒక్కటే పోస్తే నెలంతా పోస్తూనే ఉండాలి.

పచ్చతోరణం
ఆకు మీద స్ప్రే చేస్తే త్వరగా పని చేస్తుంది కదా?

కోకోమేస్త్రి
చేస్తుంది, వేరు ఇబ్బందిలో ఉన్నప్పుడు అదే మేలు కూడా. లీటర్‌కి 10 గ్రాములు, ఆకు అడుగు కూడా తడిసేలా, లైట్ ఆరే ముందు. లైట్ ఫుల్ మీదుండగా కొడితే నీళ్ళు ఆరిపోయి ఉప్పు ఆకు మీద మచ్చలేస్తుంది. విచ్చుకున్న పూత మీద పడకుండా చూసుకోండి, పుప్పొడి తడిస్తే పిందె నిలవదు. ముందు ఒక ఆకు మీద కొట్టి మర్నాడు చూసి మిగతావాటికి కొట్టండి.

వేరుమడి
లేటుగా వచ్చా, ఒక్క మాట. పీహెచ్ 5.6 అన్నారు, మీటర్‌ని పీహెచ్ 4, 7 అని ముందే తెలిసిన ద్రావణాల్లో పెట్టి సరిచూసి ఎన్నాళ్ళైంది? పెన్ మీటర్ కొన ఎండిపోతే అర పాయింట్ అటూ ఇటూ చెప్తుంది, నిజంగా 5.1 ఉంటే మెగ్నీషియం తీసుకోవడం అక్కడా కుంటుతుంది. అలాగే కుండీ ఒకటి ఒంపి వేరు చూడండి, తెల్లగా ఉంటే సరే, గోధుమ రంగులో జారుడుగా, మురుగు వాసన వస్తుంటే మనం చెప్పుకున్నదంతా పక్కన పెట్టి నీళ్ళు తగ్గించాలి.

గదిలోతోట
వేర్లు తెల్లగానే ఉన్నాయండి. మీటర్ సరిచూస్తే 0.1 తేడా ఉంది అంతే. మేస్త్రి గారు చెప్పినట్టు పలచటి ఎరువుతో కడిగా, కారే నీళ్ళు 2.3 కి దిగింది. ఎరువు మార్చి అర గ్రాము ఎప్సమ్ కలుపుతున్నా, స్ప్రే రెండుసార్లు కొట్టా. పసుపు పైకి ఎక్కడం ఆగినట్టే ఉంది, మూడో గుత్తి దగ్గర ఆకులు బాగున్నాయి. కానీ పాత ఆకులు అలాగే ఉన్నాయి, వాటిని తెంపెయ్యాలా?

పచ్చతోరణం
తెంపెయ్. అందానికి అందం, గాలి ఆడుతుంది, బూజు పట్టదు.

పూతరేకు
పచ్చ సగం పైన మిగిలినవి ఉంచండి, ఆ పచ్చ ఇంకా పనిచేస్తోంది, పైగా ఆ ఆకులు పక్కనున్న గుత్తికే తిండి పెట్టేవి. గోధుమ మచ్చలు పడ్డ చోటు మళ్ళీ పచ్చబడదు కాబట్టి తగ్గిందా లేదా అని ఆ ఆకుని చూసి బెంగపడొద్దు, దాని పైనున్న రెండు ఆకుల్ని చూడండి. పూర్తిగా పసుపైనవీ, కోకో మీద వాలి తడుస్తున్నవీ తీసెయ్యండి.

పచ్చతోరణం
మధ్యలో చచ్చిన కండ ఉన్న ఆకు మీదే బూజు పడుతుందండీ, ఉంచి మీరు సాధించేదేం లేదు. నేనైతే గుత్తి కింద ఒక్కటీ ఉంచను.

కోకోమేస్త్రి
కాయ రంగు తిరిగాక ఆ గుత్తి కింద తీస్తే అది వేరు, ఇక్కడ ఇంకా పూతే ఉంది. అందులోనూ ఇప్పటికే దెబ్బతిన్న మొక్క, ఒకేసారి నాలుగైదు ఆకులు తీస్తే పిందె రాలుతుంది. తియ్యాలనుకుంటే రోజుకొకటి. గదిలోతోట గారూ, మూడో గుత్తి విచ్చుకున్నాక కారిన నీళ్ళ ఈసీ మళ్ళీ కొలిచి ఇక్కడ పెట్టండి, 3 దాటి ఉంటే పోసే డోస్ 2 కి దించాలి.