అప్‌డేట్: వానలోనే ఫౌంటెన్స్ అబ్బే చూసొచ్చాం

రోజంతా వానట, ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్‌లోని ఫౌంటెన్స్ అబ్బేకి (శిథిలమైన పాత క్రైస్తవ మఠం) వెళ్లాలా మానాలా అని అడిగాను కదా. వెళ్లొచ్చాం. "కప్పులేని గోడల మధ్య తడుస్తూ ఏం చూస్తారు" అన్నవాళ్లున్నారు, "సెల్లారియం (కప్పు చెదరని పాత సరుకుల గిడ్డంగి) ఉందిగా, ధైర్యంగా వెళ్లండి" అన్నవాళ్లూ ఉన్నారు. రెండో బ్యాచ్‌కి పెద్ద థాంక్స్.

1132లో పుట్టిన మఠం ఇది. 1539లో ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ హయాంలో మూతపడ్డాక కప్పు మీది సీసం ఊడదీసి కరిగించారు. అందుకే చర్చి మధ్యలో నిలబడితే వాన నేరుగా నెత్తిమీదే. గొడుగు గాలికి ఆగలేదు, రెయిన్‌కోటే దిక్కు.

సెల్లారియం మాత్రం వేరే లోకం. దాదాపు తొంభై మీటర్ల పొడవు, మధ్యలో ఒకే వరుస స్తంభాలు. వాటి నుంచే రాతి కమానులు గొడుగు కమ్మీల్లా విచ్చుకుని కప్పును మోస్తున్నాయి. సరుకుల నిల్వ, శ్రామిక సోదరుల (మఠంలో ఉంటూ శారీరక పనులు చేసేవాళ్లు) భోజనాలు ఇక్కడే. వాళ్ల పడకలు పై అంతస్తులో. చాలాసేపు అక్కడే ఉండిపోయాం. మాట్లాడితే గొంతు చివరిదాకా వెళ్లి తిరిగొస్తుంది, పిల్లలు ఊరుకుంటారా!

స్కెల్ నది కట్టడాల కిందుగా సొరంగాల్లోంచి పారుతుంది. వానకి నీళ్లు టీ రంగులో ఉరుకుతున్నాయి. మరుగుదొడ్లు కూడా ఆ నది మీదే కట్టుకున్నారట, తెలివైనవాళ్లు.

అమ్మ నడవగలదా అన్న టెన్షన్ ఉండేది. విజిటర్ సెంటర్ నుంచి దారి వాలుగా దిగుతుంది, తడిస్తే జారుతుంది కూడా. చెయ్యి పట్టుకుని నెమ్మదిగా దింపాం. పక్కనే ఉన్న ఉద్యానవనం వైపు మాత్రం వెళ్లలేదు.