పేరు ముద్ర లేని వెండి–టర్కాయిస్ కడియం: ఎవరి పనో చూసి చెప్పగలమా?

సీతాకోక:
పోయిన నెల అమెరికాలో, న్యూమెక్సికోలోని ఆల్బుకర్కీలో ఒక పాత సామాన్ల దుకాణంలో వెండి కడియం కొన్నాను. మధ్యలో పావురం గుడ్డంత టర్కాయిస్, అదే మన ఫిరోజా రాయి. దానికి రెండు పక్కలా వెండి ఆకులు, అంచు పొడవునా నగిషీగా కొట్టిన నెలవంకల ముద్రలు. తిరగేసి భూతద్దంతో వెతికినా లోపల పేరు లేదు, స్టెర్లింగ్ (92.5 శాతం వెండి) అన్న మాటా లేదు. అమ్మినాయన మాత్రం "1920ల నాటి నవాజో పని, రాయి సెరిల్లోస్ గనిది, తాకట్టు విడిపించుకోని సరుకు" అని ఒక్క ఊపిరిలో చెప్పి 640 డాలర్లు తీసుకున్నాడు. బిల్లు మీదా అదే రాశాడు. ఇంటికొచ్చాక టెన్షన్ మొదలైంది. పేరు ముద్రే లేనప్పుడు ఇవన్నీ ఆయనకెలా తెలిశాయి? మీలో ఎవరికైనా ఇలా చూసి చెప్పడం వచ్చా?

పాతసామాను:
ముద్ర లేకపోవడమే మంచిదండీ. నవాజో, జూనీ, హోపీ అని ఇక్కడి ఆదివాసీ తెగలు. నవాజోలు వెండి పని నేర్చింది 19వ శతాబ్దం మధ్యలో. మొదటివాడిగా అట్సిడి సాని పేరు చెబుతారు. వాళ్ళ దగ్గర 1870లలో జూనీలు నేర్చుకున్నారు, జూనీల దగ్గర 1890ల చివర హోపీలు. ఆ రోజుల్లో నగ మీద పేరు కొట్టుకునే అలవాటే లేదు. కాబట్టి ముద్ర లేదంటే పాతది అనుకోవడంలో తప్పేముంది?

ఆకురాయి:
తప్పు ఉంది. పాతవాటికి ముద్ర ఉండదు, నిజమే. అంతమాత్రాన ముద్ర లేనివన్నీ పాతవైపోవు. 1970లలో ఈ నగలకు విపరీతమైన గిరాకీ వచ్చింది. అప్పుడు చేసినవాటిలోనూ పేరు లేనివి కుప్పలు. అసలు అమెరికాలో వెండి నగ మీద స్వచ్ఛత ముద్ర కొట్టి తీరాలన్న చట్టమే లేదు. 1906 చట్టం చెప్పేది, కొడితే నిజం కొట్టమని.

రాయి రప్ప:
ముద్రల గొడవ ఎందుకు? రాయిని అడగండి, అదే చెబుతుంది. బిస్బీ గని రాయి ముదురు నీలం, చాక్లెట్ రంగు గీతలు. స్లీపింగ్ బ్యూటీ గనిదైతే గీతలు లేని ఆకాశనీలం. నెవాడాలోని నెంబర్ ఎయిట్ గని రాయిలో బంగారు సాలెగూడు. ముప్పై ఏళ్ళుగా రాళ్ళు చూస్తున్నాను, గని చెప్పడం నాకు కష్టం కాదు. ఫొటో పెట్టండి.

ఆకురాయి:
అన్నా, మీ కన్ను మీద నాకు గౌరవమే. కానీ ఒకే గనిలో నాలుగు రంగులు వస్తాయి. సెరిల్లోస్‌లోనే ఆకుపచ్చ నుంచి నీలం దాకా ఉంటాయి. చైనాలో హుబే రాయి సాలెగూడు గీతలతో నెవాడా రాయిని మరిపిస్తుంది. పైగా 1900 ప్రాంతంలోనే వర్తకులు పర్షియా రాయి తెప్పించి నవాజో కంసాలులకు ఇచ్చారు. రాయి పర్షియాలోని నిషాపూర్‌ది, పని అరిజోనాది. ఇప్పుడు ఆ నగ ఎక్కడిదంటారు?

గనిని గట్టిగా తేల్చాలంటే రాయిలోని హైడ్రోజన్, రాగి ఐసోటోపుల నిష్పత్తులు కొలవాలి. ఆ పద్ధతి ఉంది, పరిశోధకులు వాడతారు. ఒక్క కడియం కోసం ఆ పని ఎవరు చేస్తారు చెప్పండి.

రాయి రప్ప:
ఐసోటోపులు వచ్చాక కళ్ళు పోయాయా? నూటికి నూరు అనలేదు నేను.

సీతాకోక:
గొడవ పడకండి ప్లీజ్. ఫొటోలు పెట్టాను. వెనకవైపు ఏం చూడాలో చెప్పండి.

ఆకురాయి:
సాయంత్రం లైటు కింద వాలుగా పట్టుకుని చూడండి. ముద్ర ఇనుము పెట్టి సుత్తితో ఒక్కొక్కటే కొడితే రెండు నెలవంకలు ఒకేలా పడవు. ఒకటి లోతుగా, ఒకటి కాస్త వాలి, ఎక్కడో ఒకచోట లెక్క తప్పి చివరిది ఇరుక్కుని ఉంటుంది. దెబ్బ పడిన చోట వెనక చిన్న ఉబ్బు కూడా తెలుస్తుంది. ప్రెస్సు కింద నొక్కినదైతే అన్నీ అచ్చం ఒకేలా ఉంటాయి. అసలు నగ మీద అచ్చు తీసి పోత పోసిన నకలు అయితే ముద్రల అంచులు వాడిన సబ్బు బిళ్ళలా మెత్తబడి ఉంటాయి, సందుల్లో సూది మొనంత గుంటలు కనిపిస్తాయి.

తర్వాత రేకు మందం. పాతకాలంలో నాణేలు కరిగించి, ముద్ద చేసి, సుత్తితో సాగగొట్టేవారు. అమెరికా నాణెంలో వెండి 90 శాతం. 1890 ప్రాంతంలో ఆ నాణేలు కరిగించడం మీద కట్టడి వచ్చాక మెక్సికో పెసోలు కరిగించారు. అలా చేసిన కడియం మందం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉంటుంది. మీ ఫొటోలో అంచు మొదటి నుంచి చివరి దాకా ఒకే మందం. మిల్లులో యంత్రంతో తీసిన రేకులా ఉంది నాకు.

సీతాకోక:
నెలవంకలు లెక్కపెట్టాను. ఒక పక్క 22, ఇంకో పక్క 23! ఆ 23వది మూలలో సగమే పడింది. వెనక ఉబ్బులు వేలికి తగులుతున్నాయి. వెండి కూడా ఎక్స్‌రే మిషన్ కింద పెట్టించాను, 92.6 శాతం వచ్చింది.

ఆకురాయి:
అయితే చేతిపనే, సందేహం లేదు. 92.6 అంటే స్టెర్లింగ్ రేకు. నాణెం వెండి కాదు. 1920లలో ఇలాంటి రేకు అసాధ్యం అనను, కానీ పందెం మాత్రం కాయను.

పాతసామాను:
చేతిపని అని ఒప్పుకున్నారు కదా, మరి నవాజో అనడానికి అడ్డేంటి? పెద్ద రాయి, బరువైన వెండి, ముద్రల పని, ఇదంతా వాళ్ళ పద్ధతే. జూనీది అయితే సన్న రాళ్ళ గుత్తులో పొదుగుడు పనో ఉండేది. హోపీలది రెండు రేకులు అతికి పై రేకు కోసే పద్ధతి.

పక్కాబిల్లు:
పద్ధతికి పాస్‌పోర్ట్ ఉండదండీ. జూనీ కంసాలి నవాజో పద్ధతిలో చేయొచ్చు, తెగతో సంబంధం లేనివాడూ నేర్చుకుని చేయొచ్చు. ఫిలిప్పీన్స్‌లో చేయించి ఇక్కడి తెగల పని అని అమ్ముతున్నారని 2015లో న్యూమెక్సికోలో ఫెడరల్ సోదాలే జరిగాయి. వాటిలోనూ చేతిపని ఉంటుంది.

అసలు నాకు గుచ్చుకున్నది బిల్లు మీద "1920లు". 1990 నాటి ఇండియన్ ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ చట్టం, తెగలవాళ్ళు చేయనిది చేశారని చెప్పి అమ్మడాన్ని నేరం చేసింది. మొదటిసారి దొరికిన వ్యక్తికి రెండున్నర లక్షల డాలర్ల జరిమానా, అయిదేళ్ళ జైలు దాకా ఉంది. కానీ అది వర్తించేది 1935 తర్వాత చేసిన సరుకుకే. ఒక్క అంకెతో ఆయన కడియాన్ని గీతకి అవతల పెట్టేశాడు. కావాలనే చేశాడని అనను. పాతదంటే ధర పలుకుతుందని కూడా అయ్యుండొచ్చు. ఏదైనా, "దేన్ని బట్టి 1920లు" అని ఈమెయిల్‌లో అడగండి. నోటిమాట వద్దు.

తాకట్టు సంగతీ అంతే. ఒకప్పుడు ట్రేడింగ్ పోస్టుల్లో, అంటే తెగల ప్రాంతాల్లోని వర్తకుల దుకాణాల్లో, కుటుంబాలు నగలు కుదువపెట్టేవి, చీటీ కట్టేవారు. చీటీ ఉందా?

సీతాకోక:
చీటీ లేదన్నాడు. ఈమెయిల్ పెట్టాను. రెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. మూడోరోజు ఫోన్ చేసి, నాకు అమ్మినవాళ్ళు అలా చెప్పారు అన్నాడు. బిల్లు మార్చి ఇమ్మన్నాను. కొత్త బిల్లులో "చేతిపని వెండి కడియం, టర్కాయిస్ రాయి, నైరుతి అమెరికా పద్ధతి, చేసినవారు తెలియదు" అని ఉంది. తెగ లేదు, గని లేదు, సంవత్సరం లేదు. 250 డాలర్లు వెనక్కిచ్చాడు. కడియం ఉంచుకున్నాను. ఆ సగం పడిన 23వ నెలవంక మీద మనసు పడిపోయింది మరి.

పాతసామాను:
నేనైతే ఇప్పటికీ నవాజోదే అంటాను. మీ 250 మీకు ముద్దు.

రాయి రప్ప:
నీడలో తీసిన ఫొటోలో గీతలు నల్లగా ఉన్నాయి. ఎండలో ఇంకోటి తీసి పెట్టండి. గోధుమరంగులో వస్తే మాట్లాడుకుందాం.