3,500 దాటగానే ఇంజిన్ కట్, క్రాంక్ సెన్సర్ మార్చినా అంతే

ఇంజిన్‌బే: పొద్దున్నుంచీ దీంతోనే ఉన్నా. స్టార్ట్ అవుతోంది, ఐడిల్ నిలకడగా ఉంది. 3,500 ఆర్‌పీఎం దాటగానే ఠక్కున కట్, లాగ్‌లో సింక్ లాస్ (క్రాంక్ ఏ కోణంలో ఉందో ఈసీయూకి, అంటే ఇంజిన్ కంప్యూటర్‌కి, లెక్క తప్పడం). సెన్సర్ కొత్తది వేశాను, గ్యాప్ చూశాను. ఇంకేం మార్చాలి?

స్కోప్: సెన్సర్ వీఆరా (అయస్కాంతం, తీగచుట్ట ఉన్నది), హాలా (కరెంటు ఇచ్చి నడిపే చిప్ ఉన్నది)? క్రాంక్‌తో తిరిగే పళ్ళ చక్రానికి పళ్ళెన్ని?

కేబుల్: ముందు వైరింగ్ చూడండి. సెన్సర్ వైర్ల చుట్టూ ఉండే షీల్డ్‌ను (లోహపు తొడుగు) ఈసీయూ వైపు కొసనే గ్రౌండ్ చేయాలి. రెండు కొసలా చేస్తే షీల్డ్‌లోనే కరెంటు పారి సిగ్నల్‌లోకి నాయిస్ తెస్తుంది. సెన్సర్ వైర్లు ఇగ్నిషన్ కాయిల్ వైర్లతో ఒకే కట్టలో పోకూడదు. స్పార్క్ ప్లగ్గులు నాయిస్ తగ్గించే రెసిస్టర్ రకమేనా? సెన్సర్ మీద సెన్సర్ మారుస్తారు గానీ వీటి జోలికి ఎవరూ పోరు.

స్కోప్: అది తర్వాత. ఆయన్ని చెప్పనివ్వండి.

ఇంజిన్‌బే: రెండు వైర్లది. చక్రం 36-1, అంటే 36 పళ్ళ చోట్లలో ఒకటి ఖాళీ. గ్యాప్ సరిగ్గా ఒక పన్నంత ఉంది.

పుల్లీ: అది లేని పన్ను అండీ. గ్యాప్ అంటే సెన్సర్ మొనకీ పన్నుకీ మధ్య ఎడం. ఫీలర్ గేజ్‌తో 0.75 మి.మీ. దగ్గర పెట్టండి. ఒక్కచోట కొలిస్తే చాలదు, చక్రం వంకర పోతోందేమో చుట్టూ తిప్పి చూడాలి.

కేబుల్: లేని పన్నునీ గ్యాప్ అనే అంటారు.

పుల్లీ: అంటారు, అందుకే ఈ తికమక. 35 పళ్ళున్నదాన్ని 36 పళ్ళ చక్రం అన్నట్టే.

స్కోప్: రెండు వైర్లంటే వీఆర్. వైర్లు తిరగబడి ఉండొచ్చు. పన్ను సెన్సర్‌కి ఎదురుగా వచ్చినప్పుడు సిగ్నల్ వోల్టేజి నిటారుగా సున్నా దాటుతుంది, ఈసీయూ పట్టుకోవాల్సింది దాన్నే. తిరగబడితే పళ్ళ మధ్య సందులో దాటేదాన్ని పట్టుకుంటుంది. లేని పన్ను దగ్గర ఆ సందు సాగిపోతుంది కాబట్టి లెక్క తప్పుతుంది. ఐడిల్‌లో నెట్టుకొచ్చినా వేగం పెరిగితే సింక్ పోతుంది. కనెక్టర్ దగ్గర రెండు వైర్లూ అటూ ఇటూ మార్చండి. ఆ తర్వాత టైమింగ్ (స్పార్క్ పడే క్షణం) అర పన్నంత, అంటే సుమారు 5 డిగ్రీలు జరుగుతుంది. ఈసీయూలో టైమింగ్‌ను 10 డిగ్రీలకు లాక్ చేసి, టైమింగ్ లైట్‌తో (స్పార్క్ పడినప్పుడల్లా మెరిసే దీపం) ఐడిల్‌లోనూ 3,000లోనూ చూడండి. రెండు వేగాల్లోనూ క్రాంక్ పుల్లీ మీది గుర్తు ఒకే చోట నిలబడాలి.

ఇంజిన్‌బే: మార్చాను, 5,000 దాకా కట్ లేదు. టైమింగ్ ఇంకా చూడలేదు. థాంక్సండీ.

స్కోప్: చూడకుండా లోడ్ పెట్టొద్దు.

కేబుల్: షీల్డ్ సంగతి?