శ్రీకాకుళం జిల్లాలో ఒక్క రిజర్వుడు సీటూ లేదు. రేపటి నియోజకవర్గాల పునర్విభజనలో ఏం అడగాలి?

మెళియాపుట్టి మాస్టారు:

మొన్న పదో తరగతి పిల్లలకి ఎన్నికల పాఠం చెబుతూ మన జిల్లా అసెంబ్లీ సీట్లు బోర్డు మీద రాశాను. ఇచ్ఛాపురం, పలాస, టెక్కలి, పాతపట్నం, నరసన్నపేట, శ్రీకాకుళం, ఆమదాలవలస, ఎచ్చెర్ల. మొత్తం ఎనిమిది. వెనక బెంచీలోంచి ఒక సవర కుర్రాడు లేచి "ఇందులో మాది ఏది సార్?" అన్నాడు. పాతపట్నం అని చెప్పాను. "అది కాదు సార్. మావాళ్లు పోటీ చేసేది" అన్నాడు. చాక్‌పీసు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఎనిమిదింటిలో ఎస్టీ సీటు లేదు, ఎస్సీ సీటు కూడా లేదు.

ఇది ఒక్కరోజులో జరిగింది కాదు. 2004 ఎన్నికల నాటికి జిల్లాలో 12 సీట్లు ఉండేవి. కొత్తూరు ఎస్టీలకి, పాలకొండ, ఎచ్చెర్ల ఎస్సీలకి. 2008 పునర్విభజనలో సీట్లు పదికి తగ్గాయి. కొత్తూరు నియోజకవర్గం పోయింది. పాలకొండ ఎస్టీ అయింది, కొత్తగా వచ్చిన రాజాం ఎస్సీ అయింది, ఎచ్చెర్ల జనరల్ అయింది. ఆ తర్వాత 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి. పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాకి, రాజాం విజయనగరం జిల్లాకి వెళ్లిపోయాయి. అటు మన్యం జిల్లాలో నాలుగు సీట్లుంటే నాలుగూ రిజర్వుడే: పాలకొండ, కురుపాం, సాలూరు ఎస్టీ, పార్వతీపురం ఎస్సీ. ఇటు మనకి సున్నా.

గిరిజనులంతా అటు వెళ్లిపోయారా అంటే, లేదు. మెళియాపుట్టి, పాతపట్నం, మందస, కొత్తూరు మండలాల కొండవార ఊళ్లలో సవరలు, జాతాపులు తరతరాలుగా ఉన్నారు. ఈ ఊళ్లలో చాలావాటికి గిరిజన ప్రాంతాలకి రాజ్యాంగం ఇచ్చే ఐదో షెడ్యూలు రక్షణ లేదు, అందుకే గిరిజనుల భూమి బయటివాళ్ల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం కూడా లేదు. జీడితోటలు చేతులు మారితే అడ్డుకునే దారి లేదు. గిరిజనుల పనులు చూసే సీతంపేట ఐటీడీఏ ఆఫీసు కూడా ఇప్పుడు పక్క జిల్లాలో ఉంది. షెడ్యూలు లేదు, ఐటీడీఏ లేదు, ఎమ్మెల్యే సీటు కూడా లేదు.

రేపు పునర్విభజన జరిగితే ఈ కొండవారనంతా కలిపి ఒక ఎస్టీ సీటు అడగాలన్నది నా మాట. కాదనేవాళ్లు కారణం చెప్పండి, వింటాను.

వంశధార గట్టు:

మాస్టారూ, కోపం తెచ్చుకోకండి. మాది హిరమండలం వైపు. రిజర్వాయరు కింద ఊరు పోయింది. ప్యాకేజీ కోసం, ఇళ్ల స్థలాల కోసం ఎమ్మెల్యే ఇంటి చుట్టూ ఎన్నేళ్లు తిరిగామో మీకు తెలుసు. ఇప్పుడు మీరు గీసే గీతలో మా మండలం పడితే, మా నిర్వాసితుల్లోంచి ఒకడు ఎమ్మెల్యేగా నిలబడే అవకాశమే పోతుంది. మేమూ వెనకబడినవాళ్లమే, అయినా మా కులానికి రిజర్వుడు సీటు లేదు.

ఇంకో మాట. కొండ ఊళ్లన్నీ ఏరి ఒక సీటులో పెడితే మిగతా ఏడు సీట్ల ఎమ్మెల్యేలకి గిరిజనుల ఓటు అక్కర్లేకుండా పోతుంది. ఇప్పుడు పాతపట్నంలో గెలవాలంటే ఎవరైనా కొండ ఎక్కాల్సిందే. రేపు ఆ అవసరం కూడా ఉండదు.

లావేరు చెల్లి:

ఎస్సీల సంగతి కూడా కలపండి మాస్టారూ. ఎచ్చెర్ల మా సీటు. రాష్ట్ర శాసనసభకి తొలి మహిళా స్పీకర్ కావలి ప్రతిభాభారతి గారు ఇక్కడి నుంచి గెలిచినవారే. మా అమ్మ ఇప్పటికీ ఆ రోజుల గురించి చెబుతుంది. మా పేట ఆడవాళ్లు ఎమ్మెల్యే ఇంటి గుమ్మంలోకి సంకోచం లేకుండా వెళ్లేవారట, కుర్చీలో కూర్చునేవారట. 2009లో ఎచ్చెర్ల జనరల్ అయ్యాక ఆవిడ రాజాం వెళ్లి పోటీ చేయాల్సి వచ్చింది, ఓడిపోయారు. పాతికేళ్లు ఒక చోట పెరిగిన నాయకత్వాన్ని ఒక్క గెజిట్ కాగితం వేరే చోటికి విసిరేసింది. సీటు ఇవ్వడం మాత్రమే చాలదు. ఇచ్చిన చోట నాయకులు పెరిగేదాకా ఉంచాలి.

పంచాయతీ రిజర్వేషన్లు చూడండి. ఒకసారి మా ఊరికి ఎస్సీ మహిళ, మరోసారి జనరల్. సర్పంచి పని నేర్చుకునేసరికి పదవి అయిపోతుంది.

బొబ్బిలి వకీలు:

చర్చ బాగుంది. కానీ చట్టం ఏమంటుందో ముందు చూద్దాం, లేకపోతే అడగకూడని చోట అడిగి అలసిపోతాం.

ఒకటి, ఎస్టీ సీట్ల లెక్క జిల్లాది కాదు. రాజ్యాంగం 332వ అధికరణం ప్రకారం రాష్ట్ర జనాభాలో ఎస్టీల వాటాని బట్టి మొత్తం సీట్లు తేలతాయి. అవి ఎక్కడ పెట్టాలో 2002 డీలిమిటేషన్ (పునర్విభజన) చట్టం 9వ సెక్షన్ చెప్పింది. ఎస్టీ సీట్లు వీలైనంతవరకు వారి జనాభా శాతం అత్యధికంగా ఉన్న చోట ఉండాలి. ఎస్సీ సీట్లు రాష్ట్రంలో వేర్వేరు ప్రాంతాలకి పంచుతూ, శాతం ఎక్కువ ఉన్న చోట పెట్టాలి. తేడా గమనించండి. ఎస్సీకి "పంచాలి" అని ఉంది, ఎస్టీకి ఆ మాట లేదు. అందుకే లావేరు చెల్లి వాదనకి చట్టంలో ఆధారం ఉంది. మాస్టారి వాదనకి దారి కష్టం.

రెండోది మాస్టారికి అనుకూలం. ఉమ్మడి రాష్ట్రంలో 294 సీట్లకి 19 ఎస్టీ సీట్లు వచ్చాయి. శాతం ఎక్కువ ఉన్న చోట్లు చూసుకుంటూ పోతే అందులో 12 తెలంగాణ వైపు పడ్డాయి. 2014లో రాష్ట్రం విడిపోయాక మనకి మిగిలినవి ఏడు. 2011 జనగణన ప్రకారం నేటి ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీలు దాదాపు ఐదున్నర శాతం. 175లో ఐదున్నర శాతం అంటే తొమ్మిదికి పైనే. మన రాష్ట్ర గిరిజనులు పదేళ్లకి పైగా రెండు సీట్లు తక్కువతో బతుకుతున్నారు. విభజన చట్టం 26వ సెక్షన్ చెప్పినట్టు సీట్లు 225 అయితే వాటా 12 దాకా వెళ్తుంది. అంటే కొత్త ఎస్టీ సీట్లు రావడం దాదాపు ఖాయం. ఎక్కడ అన్నదే గొడవ.

ఎప్పుడు అంటారా? ఆ 26వ సెక్షన్‌ని ఇప్పుడే అమలు చేయమని వేసిన పిటిషన్‌ని సుప్రీంకోర్టు 2025 జూలైలో కొట్టేసింది. 2026 తర్వాత జరిగే తొలి జనగణన లెక్కలు రావాలన్న 170వ అధికరణం అడ్డుందని చెప్పింది.

వంశధార గట్టు గారు అన్న మాట చిన్నది కాదు. అమెరికాలో దీని మీద దశాబ్దాలుగా కొట్లాట నడుస్తోంది. నల్లజాతి ఓటర్లందరినీ ఒకే డిస్ట్రిక్టులో కుక్కితే చుట్టుపక్కల వారి బలం పోతుంది, నాలుగింటికి చీలిస్తే ఎక్కడా గెలవలేరు. నార్త్ కరోలినాలో 12వ డిస్ట్రిక్టుని హైవే వెంబడి సన్నటి పాములా గీస్తే, జాతి చూసి అలా గీయడాన్ని కోర్టులో సవాలు చేయొచ్చని 1993లో అక్కడి సుప్రీంకోర్టు అంది. అలబామాలో ఓటర్లని చీల్చి గీస్తే అదే కోర్టు 2023లో తప్పుపట్టింది. కానీ మన పద్ధతి వేరు. అక్కడ రిజర్వేషన్ లేదు, గీతే సర్వస్వం. ఇక్కడ అభ్యర్థి ఎస్టీ అయి ఉండాలి, ఓటు మాత్రం అందరిదీ. గిరిజనులు ఇరవై శాతం ఉన్న రిజర్వుడు సీటులో ఎవరు ఎమ్మెల్యే కావాలో మిగతా ఎనభై శాతమే తేలుస్తుంది. మాస్టారు ఇది ఆలోచించాలి.

భామిని సవర కుర్రోడు:

నేను పాలకొండ ఎస్టీ సీటులో ఉన్నాను. వకీలు గారు చెప్పింది నిజమే. మా దగ్గర పార్టీ టికెట్టు ఎవరికన్నది కొండ మీద తేలదు. అభ్యర్థి మావాడే, వెనక పెట్టుబడి కింద ఊళ్లదే. గెలిచినవాడు ముందు ఎవరి ఫోను ఎత్తుతాడో వేరే చెప్పక్కర్లేదు.

అయినా నేను మాస్టారి వైపే. ఎందుకో చెబుతాను. మా నాయనమ్మ ఓటరు స్లిప్పుని అగ్గిపెట్టెలో మడిచి పెట్టుకుంటుంది. పోలింగ్ రోజు తెల్లారకముందే కొండ దిగుతుంది. 2024 మే 13న నేనూ వెంట వెళ్లాను. లైన్లో నిలబడ్డాక నన్ను పిలిచి, లోపల మిషను మీద ఉన్నవాళ్లలో మనోళ్లు ఎవరురా అని అడిగింది. సవర భాషలోనే అడిగింది. అందరూ మనోళ్లే నాయనమ్మా అన్నాను. నవ్వింది. పై ఊళ్లో పిన్ని కొత్తూరు మండలంలో ఉంటుంది, పాతపట్నంలో ఓటు. అక్కడ "అందరూ మనోళ్లే" అన్న మాట ఆవిడకి ఎవరూ చెప్పలేరు. మధ్యలో ఉన్నది ఒక గీత, అంతే. కొత్తూరు సంతకి మేమూ వెళ్తాం, వాళ్లూ వస్తారు, పెళ్లిళ్లు అటూ ఇటూ చేసుకుంటాం.

ఎంపీ సంగతి మాత్రం నాకు మింగుడుపడదు. పార్వతీపురం ఎంపీ సీటు పోయి అరకు అయ్యాక, పాలకొండ నుంచి రంపచోడవరం దాకా ఒకటే నియోజకవర్గం. ఏర్పడిన రోజున నాలుగు జిల్లాల మీద పరచుకుంది. ఎంపీ రోజుకొక మండలం తిరిగినా మా వంతు ఎప్పటికి వస్తుంది?

వంశధార గట్టు:

తమ్ముడూ, నాయనమ్మ మాట చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. కానీ ఒకటి అడుగుతాను. రిజర్వేషన్ లేకుండా జనరల్ సీటులో గిరిజనుడు గెలవలేడా? 1957లో మన పార్వతీపురంలోనే గెలిచారు కదా. మా తాత ఆ కథ చెప్పేవాడు. వకీలు గారికి తెలిసే ఉంటుంది.

బొబ్బిలి వకీలు:

తెలుసు. ఆ రోజుల్లో పార్వతీపురం ద్విసభ్య లోక్‌సభ నియోజకవర్గం, అంటే ఒకే చోటు నుంచి ఇద్దరు ఎంపీలు. ఒక సీటు ఎస్టీకి, ఒకటి జనరల్. తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి.గిరి గారు జనరల్ సీటుకి పోటీ చేశారు. ఓట్లు లెక్కపెడితే ఇద్దరు గిరిజన అభ్యర్థులకి ఆయన కంటే ఎక్కువ వచ్చాయి. ఒకరికి రిజర్వుడు సీటు, రెండోవారైన డిప్పల సూరిదొరకి జనరల్ సీటు ఇచ్చారు. గిరి గారు కోర్టుకి వెళ్లారు. ఎస్టీ అభ్యర్థి జనరల్ సీటుకి కూడా అర్హుడేనని 1959లో సుప్రీంకోర్టు తేల్చింది. 1961లో ద్విసభ్య నియోజకవర్గాల్ని రద్దు చేస్తూ చట్టం వచ్చింది.

అయితే గట్టు గారూ, ఆ గెలుపుని మీ వాదనకి వాడుకోవడం కుదరదు. రిజర్వుడు సీటు పక్కనే ఉండబట్టి, ఓటరుకి రెండు ఓట్లు ఉండబట్టి అది జరిగింది. ఒకే సీటు, ఒకే ఓటు అయ్యాక మన జిల్లాల్లో జనరల్ సీటు టికెట్టు గిరిజనుడికి ఇచ్చే పార్టీని చూపించండి.

లావేరు చెల్లి:

ద్విసభ్య పద్ధతి మళ్లీ వస్తే గట్టు అన్నయ్య భయమూ తీరుతుంది, మా బాధా తీరుతుంది అనిపిస్తోంది. నిర్వాసితులూ నిలబడొచ్చు, గిరిజనులూ నిలబడొచ్చు.

మెళియాపుట్టి మాస్టారు:

అందరి మాటా చదివాను. నా మాట కొంత మార్చుకుంటున్నాను. కొండ ఊళ్లని మండలాల్లోంచి ఏరి పాములా గీయమని అడగను. గట్టు గారి హిరమండలం నిర్వాసితుల్ని అందులోకి లాగమని కూడా అడగను. అడగాల్సింది ఒకటుంది. 2008లో అసెంబ్లీ సీటు ఏదీ జిల్లా గీత దాటకుండా గీశారు. ఈసారి కూడా అదే పాటిస్తే 2022లో గీసిన జిల్లా గీతే మనవాళ్ల తలరాత అవుతుంది. భామిని అటు, కొత్తూరు ఇటు, ఇక కలవవు. కలెక్టరాఫీసుకి దగ్గరగా ఉండాలని గీసిన గీత, ఎమ్మెల్యే ఎవరి మనిషో తేల్చకూడదు. కొత్తూరు, భామిని, సీతంపేటలు కలిసే వీలు డీలిమిటేషన్ కమిషన్ చూడాలి. ఇది మొదటి కోరిక.

రెండోది, మన జిల్లాకి ఎస్సీ సీటు. చెల్లి చెప్పింది న్యాయం. ఉమ్మడి జిల్లాలో ఎస్సీలు 2011 నాటికి తొమ్మిదిన్నర శాతం. "పంచాలి" అన్న మాట చట్టంలో ఉంది కాబట్టి ఇది గట్టిగా అడగొచ్చు.

ఇవి ఎవరి ద్వారా అడగాలన్నదే నా టెన్షన్. కమిషన్‌లో ప్రతి రాష్ట్రం నుంచి ఐదుగురు ఎంపీలు, ఐదుగురు ఎమ్మెల్యేలు అసోసియేట్ సభ్యులుగా ఉంటారు, వాళ్లకి ఓటు ఉండదు కానీ మాట ఉంటుంది. మన ఎనిమిది సీట్లలో గిరిజన ఎమ్మెల్యే లేడు కాబట్టి ఆ మాట మన తరఫున అనేవాడు ముందే లేడు. మిగిలింది ముసాయిదా వచ్చాక పెట్టే బహిరంగ విచారణ. అక్కడ ఆవేశం పనికిరాదు. ఊరి పేరు, మండలం, జనాభా, ఎస్టీలు ఎంతమంది, ఇవి రాసిన కాగితం కావాలి.

భామిని సవర కుర్రోడు:

మాస్టారూ, కాగితం దగ్గరే చిక్కుంది. మా పిన్ని ఊరి పేరు రేషను కార్డులో ఒకలా, ఓటరు లిస్టులో ఒకలా, రోడ్డు మీద బోర్డులో ఇంకోలా ఉంది. జనం లెక్కకి వచ్చేవాళ్లు ఏది రాసుకుంటారో? సవరలో ఆ ఊరికి అసలు పేరు వేరే ఉంది. కొత్తూరు సంత రోజున నేను వస్తాను. మీరు మెళియాపుట్టి వైపు ఊళ్లు రాసుకుని రండి, నేను మా వైపువి రాసుకొస్తాను. నాలుగు పేర్లూ పక్కపక్కన రాద్దాం.